డార్క్‌రూమ్ పుస్తకం కొనేముందు తెరవవలసిన రెండు పేజీలు

నలుపు-తెలుపు ఫిల్మును ఇంట్లోనే డెవలప్ చేసుకోవాలనే సరదా ఈ మధ్య మళ్ళీ కనిపిస్తోంది. విశాఖపట్నంలో ఒకప్పుడు ఫోటో స్టూడియోలలో ఈ పని చేసినవారు చాలావరకు విరమించుకున్నారు కనుక, కొత్తగా దిగేవారికి పుస్తకమే గురువు కావలసి వస్తోంది. అయితే ఈ విషయం మీద మంచి పుస్తకాలన్నీ చల్లని దేశాలలో రాసినవి. మన ఊరి ఎండకూ ఉక్కపోతకూ అవి ఎంతవరకు పనికివస్తాయో తేల్చుకోవడానికి నేను ముందుగా రెండు పేజీలు చూస్తాను.

మొదటిది ఉష్ణోగ్రత గురించిన పేజీ. దాదాపు ప్రతి పుస్తకమూ 20 డిగ్రీల సెల్సియస్‌ను ప్రమాణంగా తీసుకుంటుంది. మే నెలలో మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీటికీ ఆ అంకెకూ పొంతనే ఉండదు. గాలిలో తేమ ఎక్కువ కావడం వల్ల ఇక్కడ మట్టికుండ కూడా నీటిని అంతగా చల్లబరచదు. ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ ఫిల్ముకు ఐడీ-11 డెవలపర్‌ను (ఫిల్ము మీద బొమ్మను తేల్చే ద్రావణాన్ని) నేరుగా వాడితే 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు, సమానంగా నీళ్ళు కలిపితే 13 నిమిషాలు పడుతుంది. డిగ్రీ పెరిగినప్పుడల్లా వ్యవధిని సుమారు పదోవంతు తగ్గించాలనే మోటు లెక్క ప్రకారం, 28 డిగ్రీలకు వచ్చేసరికి మొదటిది మూడు నిమిషాల చిల్లరకు పడిపోతుంది, రెండవది మాత్రం అయిదు నిమిషాలు దాటే ఉంటుంది. అయిదు నిమిషాల లోపు డెవలప్‌మెంటులో ఆకాశం వంటి సమతలమైన భాగాలలో మచ్చలు, చారలు వచ్చే ప్రమాదం ఉంది కనుక, వేడి ఊళ్ళో నీళ్ళు కలిపి వాడడమే మేలన్న మాట. ఇంత మాత్రం వివరించని పుస్తకాన్ని నేను అక్కడే మూసేస్తాను.

ఇంకా లోతుకు వెళ్ళే పుస్తకమైతే, డెవలపర్‌లో బొమ్మను తేల్చే రసాయనాలైన మెటోల్, హైడ్రోక్వినోన్‌లలో వేడికి రెండవదే ఎక్కువగా చురుకెక్కుతుందనీ, అందువల్ల రెండూ కలిసిన డెవలపర్ వేగంతో పాటు స్వభావం కూడా కొంత మార్చుకుంటుందనీ చెబుతుంది. పాత పుస్తకాలలో ఉష్ణమండల ప్రాసెసింగ్‌కు ప్రత్యేకంగా చోటు ఉండేది: ఫిల్ము మీది పూతలో ఉండే జెలటిన్ ఉబ్బకుండా డెవలపర్‌లో సోడియం సల్ఫేట్ కలపడం, క్రోమ్ ఆలంతో ఎమల్షన్‌ను, అంటే ఆ పూతను, గట్టిపరచడం వంటివి. నేటి ఫిల్ములు తయారీలోనే బాగా గట్టిపడి వస్తాయి కనుక ఆ తంటాలు చాలావరకు తప్పాయి, కానీ కారణం తెలుసుకోవడానికి ఆ అధ్యాయాలు ఇప్పటికీ చదవదగినవే.

రెండవది రసాయనాల రూపాలను వివరించే పేజీ. ప్రసిద్ధమైన డీ-76 డెవలపర్ ఫార్ములాలో లీటరుకు మెటోల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, వెలిగారం 2 గ్రాములు ఉంటాయి. ఆ 100 గ్రాములు నీటి అణువులు లేని అన్‌హైడ్రస్ సల్ఫైట్‌కు చెందిన లెక్క. కాలేజీ ల్యాబులకు సరుకు అమ్మే దుకాణంలో సల్ఫైట్ అడిగితే, ఒకే కంపెనీ రంగుల చీటీతో రెండు డబ్బాలు ముందుకు వస్తాయి. చీటీ మీద చిన్న అక్షరాలలో అణుభారం ఒకదానిపై 126.04, రెండవదానిపై 252.15 అని ఉంటుంది. రెండవది హెప్టాహైడ్రేట్, అంటే ఏడేసి నీటి అణువులు చేరిన రూపం, కనుక సరిగ్గా రెట్టింపు తూచాలి. చాకలి సోడాకూ ఇదే చిక్కు: అన్‌హైడ్రస్ కార్బొనేట్ 100 గ్రాములకు బదులు స్ఫటికరూపం సుమారు 270 గ్రాములు కావాలి. ఈ మార్పిడి పట్టిక ఉన్న పుస్తకం మన దుకాణాలకు సరిపడే పుస్తకం. కలిపే క్రమానికి కారణం కూడా అది చెప్పాలి. సల్ఫైట్ అంతా ముందే వేస్తే మెటోల్ సరిగా కరగదు, కాబట్టి చిటికెడు సల్ఫైట్ తరువాత మెటోల్, ఆ తరువాతే మిగిలినవి.

ఇక పుస్తకాల సంగతి. ఒక్కటే కొనగలిగితే స్టీవ్ ఆంచెల్, బిల్ ట్రూప్ కలిసి రాసిన ‘ది ఫిల్మ్ డెవలపింగ్ కుక్‌బుక్’ కొనమంటాను. 1998లో తొలిసారి వచ్చిన ఆ పుస్తకం ఏ రసాయనం ఏ పని చేస్తుందో చెప్పి, ఆ తరువాత ఫార్ములా ఇస్తుంది. ఆంచెల్ ఒక్కరే రాసిన ‘ది డార్క్‌రూమ్ కుక్‌బుక్’ ఫార్ములాల భాండాగారం, అయితే మొదటి పుస్తకంగా అది కాస్త బరువు. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ రాసిన ‘ది నెగటివ్’ రసాయనశాస్త్రం కోసం కాదు, ఎక్స్‌పోజరుకూ డెవలప్‌మెంటుకూ ఉన్న సంబంధం మనసుకెక్కడం కోసం చదవాలి. 1979లో రెండు సంపుటాలుగా వచ్చిన గ్రాంట్ హైస్ట్ గ్రంథం కెమిస్ట్రీలో పట్టున్నవారికే. దాని పాత ప్రతికి అడిగే ధర చూస్తే ఆ డబ్బుతో ఫిల్ము కొనుక్కోవడం న్యాయమనిపిస్తుంది.

పాత పుస్తకాలలోని డెవలపింగ్ వ్యవధుల పట్టికలను మాత్రం నమ్మకూడదు. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ తయారుచేసిన ‘ఇందు’ ఫిల్ము ఇప్పుడు లేదు. పేరు మారని ఫిల్ముల ఎమల్షన్లు సైతం మారాయి. వ్యవధుల కోసం తయారీదారులు ఉచితంగా ఇచ్చే డేటాషీట్లే చూడాలి. అలాగే పాదరస లవణాలతో నెగటివ్‌ను చిక్కబరిచే పద్ధతులు పాత పుస్తకాలలో వంటింటి చిట్కాలంత తేలికగా కనిపిస్తాయి; వాటి జోలికి పోకూడదు. మెటోల్ కూడా కొందరి చర్మానికి పడదు కనుక గ్లవుజులు తప్పనిసరి. ప్రింటింగ్ మీది పుస్తకాలు, నెగటివ్‌ను పెద్దది చేసి కాగితం మీదికి ఎక్కించే ఎన్‌లార్జర్ దొరికేదాకా కొనవలసిన అవసరం లేదు.