సోమాలీ పిల్లల పెళ్లి గొడవలు చూసి మా ఇంట్లో మొదలైన వాదన

మినియాపోలిస్ వైపు కొత్తగా వచ్చే తెలుగు ఫ్యామిలీలకి సోమాలీల గురించి మనవాళ్ళు చెప్పేది ఒక్కటే, ఫలానా అపార్ట్‌మెంట్లు వద్దు, ఫలానా స్కూల్ వద్దు అని. ఎయిర్‌పోర్ట్‌లో మన అత్తగార్లని వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టి బయటిదాకా తెచ్చి అప్పజెప్పేది చాలాసార్లు వాళ్ళే, అయినా సరే. మేం ఉండేది ఈడెన్ ప్రెయిరీలో, ఇక్కడ మనవాళ్ళూ ఉన్నారు సోమాలీలూ ఉన్నారు, మా పెద్దది మిడిల్ స్కూల్ నుంచి సోమాలీ పిల్లలతోనే తిరుగుతోంది, ఇప్పుడు యూనివర్సిటీ ఆఫ్ మినసోటాలో చదువుతోంది, అక్కడా అదే గ్యాంగ్. దాంతో ఏమైందంటే మన తెలుగు అసోసియేషన్ పిల్లల మనసులో ఏముందో తెలీదు కానీ వీళ్ళు ఎక్కడ తిరుగుతారు, పెళ్లి గురించి ఏమనుకుంటారు, ఇంట్లో దేనికి గొడవ పడతారు అన్నీ నాకు తెలుసు. మన పిల్లలు మన ముందు నోరు విప్పరు కదా, పక్కింటి పిల్లలు మన కిచెన్‌లో కూర్చుని టీ తాగుతూ అన్నీ చెప్పేస్తారు.

కొంచెం వెనక కథ చెప్పాలి. 1991లో సోమాలియాలో సియాద్ బారే ప్రభుత్వం కూలిపోయాక అంతర్యుద్ధంలో లక్షలమంది దేశం వదిలి పారిపోయారు, చాలామంది కెన్యాలో దదాబ్, కకుమా క్యాంపుల్లో ఏళ్ళ తరబడి ఉండి అక్కడ్నుంచి రెఫ్యూజీలుగా వచ్చారు. మినసోటా చలికి ఎందుకొచ్చారు అంటే మొదట్లో మార్షల్ అనే ఊళ్ళో టర్కీ మాంసం ప్లాంట్‌లో ఇంగ్లీష్ రాకపోయినా ఉద్యోగం దొరికేది, ఒకళ్ళు కుదురుకుంటే వాళ్ళ వెనక చుట్టాలంతా. ఇప్పుడు రాష్ట్రం మొత్తం మీద 80 వేలకి పైనే ఉంటారు. మనం హెచ్1బీ మీద సూట్‌కేసులో ఆవకాయ సర్దుకుని వచ్చినవాళ్ళం, వాళ్ళ అమ్మలు పిల్లల్ని చంకనేసుకుని ప్రాణాలు దక్కించుకుని వచ్చారు, ఈ తేడా మర్చిపోయి పోలికలు పెడితే తప్పు. కానీ పిల్లల దగ్గరికి వచ్చేసరికి మాత్రం తల్లుల తిప్పలు ఎంత దగ్గరగా ఉంటాయో చెప్తే నమ్మరు.

వీకెండ్ ఉదయం మన పిల్లలు తెలుగు నేర్పే మనబడికి, వాళ్ళ పిల్లలు ఖురాన్ నేర్పే దుగ్సీకి, ఇద్దరూ కారులో ఏడుస్తూనే. మాట వినకపోతే మనం ఇండియా పంపించేస్తా అంటాం చూడండి, వాళ్ళ దగ్గర అది ఉత్త బెదిరింపు కాదు, ధఖన్ ఎలిస్ అంటారు, చెడిపోతున్నాడు అనుకున్న పిల్లాడిని నైరోబీకో హర్గీసాకో మొగదిషుకో పంపి అక్కడ పద్ధతి నేర్పించడం. కొందరు బాగుపడి భాష నేర్చుకుని వచ్చారు, కొందర్ని పెట్టిన సెంటర్లలో కొట్టారు, గొలుసులతో కట్టేశారు కూడా. పిల్లలు దాని మీద టిక్‌టాక్ జోకులు వేస్తారు గానీ సమ్మర్‌లో వాళ్ళ నాన్న కెన్యా టికెట్లు బుక్ చేశాడంటే రిటర్న్ టికెట్ ఉందా లేదా అని ముందు అదే చూస్తారట.

ఇక సరదాలు. మందు లేదు, క్లబ్బులు లేవు (కొందరు వెళ్తారు, ఆ సంగతి ఎవరూ చెప్పరు), కాబట్టి వీళ్ళ నైట్ లైఫ్ అంతా టీ మీద, తిండి మీద, కార్ల మీద నడుస్తుంది. యాలకులు దాల్చినచెక్క వేసి మరిగించిన షా అనే టీ, సంబూసా అనే వాళ్ళ సమోసా, హలాల్ బర్గర్లు, ఈ మధ్య యెమెన్ కాఫీ షాపులు వచ్చాయి అవి అర్ధరాత్రి దాకా కిటకిట. మగపిల్లలు ఇండోర్ సాకర్, బాస్కెట్‌బాల్, లేదా కేఫ్‌లో నాన్నల పక్క టేబుల్ దగ్గర కూర్చుని వాళ్ళ రాజకీయాల వాదన వినడం. సోమాలీ కాఫీ షాప్‌లో పెద్దమగాళ్ళు కూర్చున్న చోట కూర్చునే మొగదిషు ప్రభుత్వాన్ని పడగొట్టి లేపుతుంటారు, ఆ సీన్ చూస్తే ఖమ్మం బస్టాండ్ దగ్గర టీ కొట్టు గుర్తొచ్చి నాకు నవ్వొస్తుంది. జులై 1 వాళ్ళ స్వాతంత్ర్య దినం, లేక్ స్ట్రీట్ అంతా నీలం జెండాలు, ఆ ఒక్కరోజు అమ్మాయిలూ అబ్బాయిలూ ఒకే రోడ్డు మీద తిరిగినా ఎవరూ ఏమీ అనరు.

మిగతా రోజుల్లో అంటారు. కార్మెల్ మాల్ అని ఉంది, లోపల వందల చిన్న చిన్న షాపులు, బట్టలు, బంగారం, అత్తర్లు, గోరింటాకు, ట్రావెల్ ఏజెంట్, మసీదు అన్నీ ఒక్క చోటే, అక్కడ ఒక అమ్మాయి ఒక అబ్బాయితో నిలబడి రెండు నిమిషాలు మాట్లాడిందంటే ఆ పిల్ల ఇంటికి వెళ్ళేలోపు వాళ్ళమ్మకి మూడు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు వచ్చేస్తాయి. అందుకే నచ్చినవాళ్ళని కలవాలంటే సోమాలీలు లేని సబర్బ్‌లో ఏదో చెయిన్ రెస్టారెంట్‌కి పోతారు, అక్కడికి వెళ్తే ఇంకో జంట కూడా అదే ప్లాన్‌తో వచ్చి ఉంటుంది, ఒకళ్ళనొకళ్ళు చూడనట్టు నటిస్తారు. మగపిల్లాడు రాత్రి రెండింటికి వచ్చినా అడిగేవాడు లేడు, ఆడపిల్ల చీకటి పడే సరికి ఇంట్లో ఉండాలి, పైగా తమ్ముళ్ళకి అన్నం పెట్టాలి. ఇది ఎక్కడి కథో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ ఆడపిల్లలే బాగా చదివి నర్సులు, ఫార్మసిస్టులు, లాయర్లు అయి కూర్చుంటున్నారు, ఆ తర్వాత సమానంగా చదివిన అబ్బాయి దొరకడం లేదని అదే తల్లులు కంగారు. ఒక విషయంలో మాత్రం ఆ పిల్లల్ని చూసి ముచ్చటేసింది, 2015లో మినియాపోలిస్‌లో సోమాలీలు ఎక్కువగా ఉండే సీడర్ రివర్‌సైడ్ పేట అమ్మాయిలు హిజాబ్‌తో పరిగెత్తడానికి వీలుగా బాస్కెట్‌బాల్ యూనిఫాం కావాలని యూనివర్సిటీ డిజైన్ వాళ్ళతో కూర్చుని వాళ్ళే డిజైన్ చేసుకున్నారు. ఆడటం మానేస్తాం అనలేదు, హిజాబ్ తీసేస్తాం అనలేదు.

పెళ్లికి వెళ్తే ఇంకా అర్థమవుతుంది. మా అమ్మాయి ఫ్రెండ్ వాళ్ళ అక్క పెళ్లికి ఆడవాళ్ళ ఫంక్షన్‌కి మమ్మల్ని పిలిచారు. కార్డులో ఏడింటికి అని ఉంది, మేం అమాయకంగా ఏడున్నరకి వెళ్ళాం, హాల్లో కుర్చీలు సర్దేవాళ్ళు తప్ప ఎవరూ లేరు, పెళ్లికూతురు వచ్చేసరికి పదకొండు దాటింది. గుమ్మంలోనే ఒక పెద్దావిడ మన ఫోన్ తీసుకుని కెమెరా మీద స్టిక్కర్ అంటిస్తుంది, ఎందుకంటే లోపల ఒక్క మగాడు ఉండడు, అందరూ హిజాబ్ తీసేస్తారు, ఒక్క ఫొటో బయటికి పోకూడదు. అబాయాలు తీసి కుర్చీల మీద పడేస్తే లోపల్నుంచి పల్చటి దిరా గౌన్లు, ముదురు రంగులు, మెడ నిండా బంగారం, జుట్టుకి చేసిన సింగారం, రోజూ నల్ల బట్టల్లో చూసే ఆ పిల్లలేనా అనిపించింది. నిప్పుల మీద ఊన్సి ధూపం వేసుకుని ఒక్కొక్కళ్ళ దగ్గరికి తెస్తారు, దిరా అంచు పట్టుకుని ఆ పొగ లోపలికి పట్టించుకోవాలి. తర్వాత బురాన్‌బుర్, ఒకావిడ డ్రమ్ కొడుతుంటే ఇంకొకావిడ పెళ్లికూతురి వంశాన్ని పొగుడుతూ కవిత్వం అందుకుంటుంది, వినేవాళ్ళు ఆగలేక శాలువా రెండు చేతులా విప్పి మధ్యలోకి దూకి ఆడతారు. నా కంచి పట్టుచీర చూసి ఒక ముసలావిడ నన్ను కూడా లాగేసింది. అర్ధరాత్రి భోజనం, మేకమాంసం, బరీస్ అన్నం, పక్కన అరటిపండు, అది అన్నంలోనే నంజుకోవాలి. పెరుగన్నంలో అరటిపండు పిసుక్కుని పెరిగినదాన్ని, నాకేం వింతగా లేదు, మా అమ్మాయి మాత్రం మొహం అటు తిప్పింది.

ఆ పెళ్లి అంత తేలిగ్గా కాలేదు, అసలు నేను చెప్పాలనుకున్నది అదే. అమ్మాయి ఫార్మసిస్ట్, అబ్బాయి ఇంజనీర్, సోమాలీయే, ముస్లిమే, నమాజు మానడు. ఐతే ఖబీల్ వేరు, అంటే తెగ. వాళ్ళకి దారోద్, హవియే, ఇసాక్, దిర్, రహన్వేన్ అని పెద్ద తెగలు, వాటి లోపల శాఖలు, ఉపశాఖలు. పిల్లలకి ఇంటిపేర్లుండవు, తన పేరు, నాన్న పేరు, తాత పేరు, అలా వెనక్కి పది పన్నెండు తరాల పేర్లు వల్లె వేయిస్తారు, ఆ వరస వింటే ఎవరు ఏ తెగో తెలిసిపోతుంది. పెళ్లి చేసుకున్నా ఆడపిల్ల పేరు మారదు, అది నాకు బాగా నచ్చింది, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు మార్చుకోడానికి నేను పడ్డ పాట్లు నాకు తెలుసు. ఆ నాన్నది ఉత్త పట్టుదల అని కూడా అనలేను, 1991లో వాళ్ళ ఇల్లు దోచుకుంది ఆ అబ్బాయి తెగ మిలీషియానే అని ఆయనకి గుర్తుంది, లండన్‌లో ఉన్న బాబాయ్ వీడియో కాల్‌లో ఏడ్చాడట కూడా. ఆ అబ్బాయి అప్పటికి పుట్టనే లేదు.

అప్పుడు ఆ పిల్ల చేసిన పని చూడండి. ఇది అమెరికా నా ఇష్టం అనలేదు. ఖురాన్‌లో 49వ సూరా 13వ వాక్యం తీసి నాన్న ముందు పెట్టింది, మిమ్మల్ని జాతులుగా తెగలుగా చేసింది ఒకర్నొకరు తెలుసుకోడానికే, దేవుడి దగ్గర గొప్పవాడు భక్తి ఎక్కువ ఉన్నవాడే అని ఉంటుంది అందులో. నువ్వే నన్ను దుగ్సీకి పంపావు కదా నాన్నా, అక్కడ నేర్పింది ఇదే కదా అంది. తండ్రి వలీగా, అంటే పెళ్లికూతురి తరఫు పెద్దగా, ఒప్పుకోకపోతే నికా కష్టం, కానీ తెగ తప్ప వేరే కారణం లేకుండా అడ్డుపడితే ఏం చేయొచ్చో మసీదులో షేక్ ఆయన్ని పక్కకి పిలిచి మెత్తగా గుర్తుచేశాడట. రెండు నెలలు మాట్లాడలేదు, తర్వాత ఒప్పుకున్నాడు. అంటే పిల్లలు ముసలాళ్ళ కన్నా ఎక్కువ మతం పట్టుకుని, ఆ మతంతోనే తెగని కొట్టారు. కూతురు చెడిపోయింది అనడానికి ఆయనకి సందు లేదు. ఈ తరంలో చాలామంది వాదన ఇదే, మతం సరే, తెగ వద్దు.

ఈ వాదన అందరికీ పనికొస్తుందని కాదు. మదిబాన్ అని వాళ్ళలో తక్కువగా చూసే కులం లాంటిది ఉంది, సోమాలీ బంటూలు ఉన్నారు, వాళ్ళ సంబంధం అనేసరికి అదే వాక్యం చదివిన కుర్రాళ్ళు కూడా నీళ్ళు నములుతారు. ముస్లిం కాని అబ్బాయి అంటే ఇక చర్చే లేదు. మిగతా విషయాల్లో ఐతే ఆ అమ్మాయిలు మహా గట్టి, మెహర్ ఎంతో ముందే మాట్లాడుకుంటారు, అది పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇవ్వాలి, ఆ డబ్బు ఆ పిల్లది. మా దగ్గర పెళ్లికూతురి తరఫువాళ్ళు ఇస్తారు, 1961లోనే చట్టం వద్దంది, అయినా ఇస్తారు అని చెప్తే ఆ పెళ్లికూతురి వాళ్ళమ్మ నన్ను జాలిగా చూసింది, పిల్లనిచ్చి డబ్బు కూడానా అని. రెండో పెళ్లి చేసుకోకూడదని షరతు, మసీదులో నికాతో ఆపకుండా కౌంటీ మ్యారేజ్ లైసెన్స్ కూడా తీయాల్సిందే అని ఇంకో షరతు, కాగితం లేకపోతే రేపు కోర్టులో భార్య కాదని వాళ్ళకి తెలుసు. మినసోటాలో లైసెన్స్ ఫీజు 115 డాలర్లు, 12 గంటలు పెళ్లి ముందు కౌన్సెలింగ్ చేస్తే 40, వీళ్ళు ఆ గంటలు ఇమామ్ దగ్గర పూర్తి చేసి కాగితం పట్టుకెళ్ళారు. ఆ పెళ్లికూతురి వాళ్ళమ్మ కూడా ఒకసారి విడాకులు తీసుకుని మళ్ళీ చేసుకున్నదే, అందరి ముందు మామూలుగా చెప్తుంది. మన పాట్‌లక్‌లో ఆ మాట వస్తే గొంతులు తగ్గిపోతాయి.

ఇదంతా ఇంట్లో చెప్తుంటే మా అమ్మాయి వాళ్ళ నాన్నని అడిగింది, మరి నేనైతే ఏ వాక్యం చూపించాలి అని. మన పిల్లలు కులం వద్దంటే ఫెయిర్ కాదు డాడీ అంటారు, మనం వెంటనే అమెరికా నీళ్ళు అంటాం, వాదన అక్కడే చచ్చిపోతుంది. సియాటెల్ 2023లో కుల వివక్ష మీద చట్టం చేస్తే మన గ్రూపుల్లో ఎంత గోల, ఇక్కడ కులం ఎక్కడుంది అని, ఇన్ని తెలుగు అసోసియేషన్లు ఎందుకున్నాయో ఎవరూ అడగకపోవడం మంచిదైంది. కాసేపు ఆలోచించి మళ్ళీ మా అమ్మాయే అంది, నాకు ఐదేళ్ళప్పుడు ఉగాదికి స్టేజ్ మీద డాన్స్ చేయించారు కదా, బ్రహ్మమొక్కటే పాటకి, బ్రాహ్మడు నిలబడ్డా చండాలుడు నిలబడ్డా నేల ఒక్కటే అని అన్నమయ్య అన్నాడు కదా, అది చాలదా అని. మావారు అన్నం కలుపుతూ, అది దేవుడి గురించమ్మా, పెళ్లి గురించి కాదు అన్నారు. నాకు అప్పుడు తట్టింది, మన దగ్గర మాట లేకపోవడం కాదు, ఉంది, ఐదొందల ఏళ్ళ నుంచి ఉంది, దాన్ని చూపిస్తే తల వంచాల్సిన అవసరం మాత్రం ఎవరికీ లేదు. షేక్ ఆ నాన్నని పక్కకి పిలిచినట్టు మన గుళ్ళో ఎవరు పిలుస్తారు, అర్చన చేయించినా ముందు అడిగేది గోత్రమే కదా.

ఇప్పుడు డాలస్‌లో మా ఆడపడుచు కొడుక్కి సంబంధాలు చూస్తున్నారు. వాడు నాకు కులం పట్టింపు లేదు అని గట్టిగా చెప్తే వదిన మాట్రిమొనీ ప్రొఫైల్‌లో క్యాస్ట్ నో బార్ అని పెట్టింది, మంచిదే అనుకున్నా, తీరా తెరిచి చూస్తే ఆ లైన్ కిందే ఎస్సీ ఎస్టీలు క్షమించాలి అని ఉంది. ఫోన్ చేసి తీసెయ్ వదినా అన్నా. అది వాడి నాన్నగారు పెట్టమన్నారు, వీకెండ్‌లో తీసేస్తాలే అంది. నిన్న చూశా, అలాగే ఉంది, పైగా ఫొటో మాత్రం కొత్తది మార్చారు.