నెట్ ప్రిపరేషన్: రేడియేషన్ భాగాన్ని లైడార్ సమీకరణంతో మొదలుపెట్టండి

విశాఖపట్నంలో ఉండి సీఎస్ఐఆర్ నెట్ భూమి, వాతావరణ శాస్త్రాల పేపరుకు చదువుతున్న మిత్రులకు నా అనుభవం నుంచి ఒకే ఒక్క సూచన చేయదలచుకున్నాను. పరిక్షేపణ (కాంతి నలుదిక్కులా చెదరడం), శోషణ, మేఘాల భౌతికశాస్త్రం, ఉపగ్రహ పరిశీలనలు అంటూ విడివిడిగా బట్టీపట్టే బదులు, లైడార్ (లేజర్ కాంతితో వాతావరణాన్ని కొలిచే పరికరం) అందుకునే సంకేతం ఎంతో చెప్పే సమీకరణాన్ని ముందు పెట్టుకొని అందులోని ఒక్కొక్క రాశి ఎక్కడి నుంచి వచ్చిందో ఆరా తీస్తూ పోతే, రేడియేషన్ భాగం చాలా మటుకు దానంతటదే పూర్తవుతుంది.

లైడార్ ఆకాశంలోకి లేజర్ పల్సును పంపి, గాలి అణువులు, ఏరోసోల్స్ (గాలిలో తేలే సూక్ష్మ కణాలు), మేఘబిందువులు వెనక్కి చిమ్మిన కాంతిని టెలిస్కోపుతో పట్టుకుంటుంది. కాంతి వెళ్లి తిరిగొచ్చే సమయంలో మైక్రోసెకనుకు 150 మీటర్ల ఎత్తు అని గుర్తుంటే, 20 మైక్రోసెకన్లకు తిరిగొచ్చిన సంకేతం 3 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చిందని పెన్ను కదపకుండానే చెప్పవచ్చు. రానూ పోనూ ప్రయాణమని మరచినవారి కోసం ఆప్షన్లలో 6 కిలోమీటర్లు ఎలాగూ సిద్ధంగా ఉంటుంది.

గాలి అణువుల వల్ల జరిగే రేలీ పరిక్షేపణ తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది కనుక, 1064 నానోమీటర్ల వద్ద కన్నా 532 వద్ద అణువుల పరిక్షేపణ 16 రెట్లు ఎక్కువ. ఇది ఒక్క నిమిషం పని.

ఎక్కువ సమయం ఇవ్వాల్సింది మరోచోట ఉంది. సమీకరణం ఒక్కటే, తెలియని రాశులు మాత్రం రెండు: వెనక్కి చిమ్మే గుణకం, క్షీణతా గుణకం (దారిలో కాంతి ఎంత తగ్గుతుందో చెప్పేది). అందుకే క్షీణతను వెనక్కి చిమ్మే గుణకంతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని, అంటే లైడార్ రేషియోను ముందే ఊహించుకోవలసి వస్తుంది. అది సముద్రపు ఉప్పు కణాలకు సుమారు 20 స్టెరేడియన్లు, పొగకు దాదాపు దానికి మూడింతలు. పగలు సముద్రపు గాలి, రాత్రి నేలగాలి వీచే మన ఊళ్లో ఏ వేళకు ఏ విలువ తీసుకోవాలో ఆలోచించి చూడండి, ఈ ఊహ ఎంత సున్నితమైనదో అర్థమవుతుంది. నైట్రోజన్ నుంచి తరంగదైర్ఘ్యం మారి వచ్చే రామన్ సంకేతాన్ని విడిగా కొలిస్తే క్షీణత నేరుగా తెలుస్తుంది కాబట్టి ఆ ఊహతో పని ఉండదు.

తేమ పాత్ర తెలియాలంటే, ఉక్కపోతగా ఉన్న రాత్రి బీచ్ రోడ్డు నుంచి డాల్ఫిన్స్ నోస్ దీపస్తంభం వైపు చూడండి. సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటితే ఉప్పు కణం నీరు పట్టి బిందువై ఉబ్బుతుంది, దానితో కాంతిపుంజపు చార గాలిలో తెల్లగా తేలుతుంది.

ఇక ధ్రువణం, అంటే కాంతి తరంగం కంపించే దిశ. గుండ్రటి నీటిబిందువు వెనక్కి పంపే కాంతి ధ్రువణం దాదాపు మారదు, మంచు స్ఫటికాలూ ఎడారి ధూళీ దాన్ని చెదరగొడతాయి. 2006లో ప్రయోగించిన కాలిప్సో ఉపగ్రహంలోని లైడార్ మేఘంలో నీరు ఉందా, మంచు ఉందా అని తేల్చడానికి ప్రధానంగా వాడుకున్నది ఈ తేడానే. అయితే దట్టమైన నీటి మేఘంలో కాంతి పలుమార్లు పరిక్షేపణ చెంది అక్కడా ధ్రువణం చెదురుతుంది గనుక, జవాబు గుర్తించే ముందు ప్రశ్నలో మేఘం పలుచనిదా, దట్టమైనదా అన్నది చూసుకోండి.