జేబుల్లో ఓక్ కాయలేసుకుని తిరిగిన అడ్మిరల్

ట్రఫాల్గర్ అనగానే, అదే 1805లో బ్రిటిష్ నేవీ ఫ్రెంచి, స్పానిష్ ఓడల్ని ఓడించిన సముద్ర యుద్ధం, ఎవరికైనా బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ పేరే గుర్తొస్తుంది, నాక్కూడా మొన్నమొన్నటిదాకా అంతే. ఆ రోజు ఇంకో అడ్మిరల్ ఉన్నాడనీ, శత్రువుల వరసలోకి ముందు దూరింది ఆయన ఓడేననీ, నెల్సన్ పోయాక మొత్తం బరువు ఆయన నెత్తినే పడిందనీ ఏదో పైపైన విన్నానేమో గానీ పట్టించుకోలేదు. పేరు కత్‌బర్ట్ కాలింగ్‌వుడ్. ఈ మధ్య ఆయన ఉత్తరాలు చదవడం మొదలుపెట్టా, ఆయన పోయాక అల్లుడు 1828లో అచ్చేయించాడు వాటిని. యుద్ధాల గురించి చదువుదామని కూర్చుంటే తోట గురించీ కుక్క గురించీ కూతుళ్ళకి లెక్కలు నేర్పించడం గురించీ చదువుతూ ఉండిపోయా, అదీ సంగతి.

ఆయన పుట్టింది 1748లో, న్యూకాజిల్‌లో. నాన్న వ్యాపారి, చెప్పుకోదగ్గ ఆస్తేం లేదు. 1761లో పన్నెండేళ్ళ వయసులో షానన్ అనే ఫ్రిగేట్ (ఓ రకం యుద్ధనౌక) ఎక్కించేశారు, దాని కెప్టెన్ అమ్మ తరఫు చుట్టం. పిల్లాడు ఇంటి మీద బెంగతో ఓ మూల కూర్చుని ఏడుస్తుంటే ఓడలో ఫస్ట్ లెఫ్టినెంట్ చూసి, దగ్గరికొచ్చి నాలుగు మంచి మాటలు చెప్పాడట. అంతే, వీడు ఆయన్ని తన పెట్టె దగ్గరికి తీసుకెళ్ళి అమ్మ ఇచ్చిన ప్లమ్ కేక్‌లోంచి పెద్ద ముక్క తీసి చేతిలో పెట్టాడు. అడ్మిరల్ అయ్యాక కూడా ఈ కథ చెప్పుకునేవాడంట.

ఆ కాలం బ్రిటిష్ నేవీలో ప్రమోషన్ ఎలా వచ్చేదో తెలిస్తే గానీ ఈయన జీవితం అర్థం కాదు. లెఫ్టినెంట్ అవ్వాలంటే పరీక్ష పాసవ్వాలి, కానీ పాసైనంత మాత్రాన పోస్ట్ రాదు, పైన ఎవడో మనవాడు ఉండాలి. కాలింగ్‌వుడ్‌కి అలాంటివాళ్ళు పెద్దగా లేరు, అందుకే పద్నాలుగేళ్ళు పట్టింది, 1775లో అమెరికాలో బంకర్ హిల్ యుద్ధం జరిగిన రోజున లెఫ్టినెంట్ అయ్యాడు. అప్పటికి వయసు ఇరవై ఆరు. ఈయనకన్నా పదేళ్ళు చిన్నవాడైన నెల్సన్ మాత్రం పద్దెనిమిదేళ్ళకే అయిపోయాడు, మేనమామ మారిస్ సక్లింగ్ నేవీ బోర్డ్‌లో పెద్ద కుర్చీలో ఉన్నాడు మరి. నెల్సన్‌కి టాలెంట్ లేదని కాదులెండి, ఉంది, మేనమామ కూడా ఉన్నాడు. ఇక కెప్టెన్ అయ్యాక ఇంకో లెక్క. కెప్టెన్ల లిస్టులో పేరు ఎక్కిన తేదీయే సీనియారిటీ, ఆ తర్వాత నువ్వెంత పొడిచినా పైవాళ్ళు పోతే తప్ప పైకి జరగవు. అక్కడ నెల్సన్ పేరు 1779 జూన్‌లో ఎక్కింది, కాలింగ్‌వుడ్ పేరు 1780 మార్చిలో. తొమ్మిది నెలలు తేడా, అంతే, ఆ తొమ్మిది నెలలతోనే జీవితాంతం ఈయన రెండోవాడు.

జమైకా స్టేషన్‌లో ఉన్నప్పుడైతే మరీ విచిత్రం. లోస్టాఫ్ అనే ఓడలోంచి నెల్సన్ పైకెళ్తే ఆ చోట్లోకి ఈయన, బ్యాడ్జర్‌లోంచి ఆయన వెళ్తే మళ్ళీ ఈయన, హించిన్‌బ్రూక్‌కీ అదే కథ. మూడో దాంట్లో ఇంకో మెలిక ఉంది. 1780లో ఇప్పటి నికరాగువాలో శాన్ హువాన్ నది మీదుగా స్పెయిన్ వాళ్ళ కోటలు పట్టుకుందామని ఓ పిచ్చి ప్లాన్ వేశారు, జ్వరాలతో మనుషులు రాలిపోయారు. నెల్సన్ చావుకి దగ్గరదాకా వెళ్ళాడు, వేరే ఓడకి పోస్టింగ్ రావడంతో బయటపడ్డాడు. ఆ జ్వరాల ఓడలోకి వచ్చింది మన కాలింగ్‌వుడ్. రెండు వందల మందిలో నూట ఎనభై మందిని నాలుగు నెలల్లో పాతిపెట్టానని తర్వాత రాశాడు, తన ఒళ్ళు గట్టిది కాబట్టి నిలబడ్డానన్నాడు. మరుసటేడు ఇంకో ఓడ, పెలికన్, తుఫానులో బండలకి కొట్టుకుని పగిలిపోతే పది రోజులు ఓ చిన్న ఇసుక దిబ్బ మీద సిబ్బందితో పాటు అర్ధాకలితో గడిపాడు.

ఇంత జరిగినా ఇద్దరి మధ్య అసూయ లాంటిదేం కనపడదు, నాకైతే ఆశ్చర్యమే. అంటిగ్వాలో ఇంగ్లిష్ హార్బర్‌లో ఉన్నప్పుడు ఓసారి ఒకరి బొమ్మ ఒకరు గీసుకున్నారు. నెల్సన్‌కి జ్వరం వచ్చి గుండు కొట్టించుకుని పసుపుపచ్చ విగ్గు పెట్టుకుని ఉన్నాడు, ఈయన ఆ విగ్గుతో సహా గీసిపడేశాడు. రెండు బొమ్మలూ ఇప్పటికీ ఉన్నాయి, కళాఖండాలేం కావు.

1786లో ఇంటికొచ్చాడు, యుద్ధం లేదు కాబట్టి సగం జీతం మీద కూర్చోబెట్టారు. న్యూకాజిల్ మేయర్‌గా చేసిన బ్లాకెట్ గారి అమ్మాయి సారాని 1791లో పెళ్ళి చేసుకున్నాడు, వరసగా ఇద్దరు ఆడపిల్లలు, మోర్పెత్ అనే ఊళ్ళో ఇల్లు, ఇంటి వెనక తోట. నేవీలో ఉన్న యాభై ఏళ్ళలో దాదాపు నలభై నాలుగేళ్ళు సముద్రం మీదే గడిపిన మనిషికి ఇల్లు అంటే ఈ కాస్తే. అప్పుడు మొదలైంది ఓక్ కాయల అలవాటు. షికారుకి వెళ్ళేటప్పుడు కోటు జేబుల నిండా ఓక్ కాయలు వేసుకుని వెళ్ళి మంచి చోటు కనపడ్డప్పుడల్లా ఒకటి నేలలో గుచ్చి వచ్చేవాడు. ఎందుకంటే ఓడలన్నీ ఓక్ చెక్కతో కట్టాల్సిందే, డెబ్భై నాలుగు ఫిరంగుల ఓడ ఒకటి కట్టాలంటే సుమారు రెండు వేల చెట్లు కొట్టాలి, చెట్టు ఆ సైజుకి రావాలంటే నూరేళ్ళు. రాబోయే తరాలకి ఓడలకి కలప దొరకదేమోనని ఈయన బెంగ. పాపం 1860కల్లా వారియర్ అని ఇనప ఓడ నీళ్ళలోకి దిగిపోయింది, కలపకి అంత పనిలేకుండా పోయింది. ఓసారి తోటి అడ్మిరల్ ఒకాయన ఇంటికొచ్చి తోటంతా వెతికితే కాలింగ్‌వుడ్ గారు ముసలి తోటమాలి స్కాట్‌తో కలిసి లోతైన గోతిలో దిగి మట్టి తవ్వుతూ దొరికాడట.

మెడల్ గొడవ చెప్పకపోతే ఈయన మెతక మనిషని అనుకుంటారు. 1794 జూన్ 1న ఫ్రెంచి వాళ్ళతో పెద్ద యుద్ధం, కాలింగ్‌వుడ్ బార్‌ఫ్లర్ అనే ఓడకి కెప్టెన్, పక్కనే నిలబడ్డ అడ్మిరల్ బోయర్ కాలికి దెబ్బ తగిలి ఈయన చేతుల్లోకే ఒరిగిపోయాడు. ఇంతా చేస్తే మొత్తం దళానికి కమాండర్ అయిన లార్డ్ హౌ పంపిన రిపోర్ట్‌లో ఈయన పేరు లేదు, మెడల్ రాలేదు. నోరు మూసుకుని ఊరుకున్నాడు. 1797 ఫిబ్రవరి 14న కేప్ సెయింట్ విన్సెంట్ దగ్గర ఎక్సెలెంట్ ఓడతో వెళ్ళి, నెల్సన్ ఓడని చితక్కొడుతున్న స్పానిష్ ఓడ పక్కనుంచి దూసుకుపోతూ దాన్ని తుక్కుతుక్కు చేశాడు, అది పక్క ఓడకి చిక్కుకుపోయింది, నెల్సన్ రెండిట్లోకీ ఎక్కి పట్టుకుని ప్రపంచ ప్రసిద్ధుడైపోయాడు. ఈసారి మెడల్ ఇస్తామన్నారు. ముందు 1794ది ఇవ్వండి, అది ఇవ్వకుండా ఇది తీసుకోను అన్నాడు, అదీ ఎవరితో, జెర్విస్ లాంటి కోపిష్టి కమాండర్‌తో. చివరికి రెండూ పంపించారు.

ఓడ నడిపే తీరు కూడా ఆ రోజులకి వేరే. కొరడా దెబ్బలు వీలైనంత తక్కువ. తప్పు చేసినవాడికి రమ్ములో నీళ్ళెక్కువ కలిపి పోయడం, విడిగా కూర్చోబెట్టి తిండి పెట్టడం, అదనపు డ్యూటీ, ఇలాంటివి. నావికుడి పేరు తెలీకపోతే ‘సెయిలర్’ అని పిలవండి, ‘ఏయ్ నువ్వు’ అనొద్దు అని ఆఫీసర్లకి చెప్పేవాడు. తిరుగుబాట్లు జరిగిన 1797లో మాట వినని వాళ్ళని కాలింగ్‌వుడ్ దగ్గరికి పంపండి, దారికి తెస్తాడని జెర్విస్ అనేవాడంట. ఫిరంగుల ప్రాక్టీస్ దగ్గర మాత్రం ఎవర్నీ వదల్లేదు, డ్రెడ్‌నాట్ అనే ఓడలో ఉండగా ఒక పక్క ఫిరంగులన్నీ మూడున్నర నిమిషాల్లో మూడుసార్లు పేల్చేలా తయారుచేశాడు.

ఇక 1805 అక్టోబర్ 21, ట్రఫాల్గర్ రోజు. తెల్లారగానే నౌకరు స్మిత్ క్యాబిన్‌లోకి వెళ్తే ఈయన గడ్డం గీసుకుంటున్నాడు. ఫ్రెంచి వాళ్ళ ఓడలు చూశావా అని అడిగాడు, లేదంటే, బయటికి చూడు, ఇంకాసేపట్లో ఇంకా బాగా కనపడతాయి అన్నాడు. స్మిత్ చూశాడు గానీ ఓడల కన్నా గడ్డం గీసుకుంటున్న ఈ మనిషినే వింతగా చూస్తూ నిలబడిపోయాడంట. తర్వాత లెఫ్టినెంట్ క్లావెల్ బూట్లు వేసుకుని కనపడితే, అవి తీసేసి నాలాగా పట్టు మేజోళ్ళు వేసుకో, కాలికి గుండు తగిలితే డాక్టర్‌కి సులువు అన్నాడు. ప్రతివాడూ తన డ్యూటీ చేస్తాడని ఇంగ్లండ్ నమ్ముతోంది అంటూ నెల్సన్ ఆ ఫేమస్ జెండాల సిగ్నల్ ఎగరేస్తుంటే, అబ్బా ఈయన సిగ్నల్స్ ఆపితే బావుణ్ణు, ఏం చెయ్యాలో మాకు తెలుసుగా అని విసుక్కున్నాడు, అది చదివి చాలాసేపు నవ్వుకున్నా.

ఆ రోజు ఈయన ఓడ రాయల్ సావరిన్, దానికి అడుగున కొత్తగా రాగి రేకు వేశారు, అందుకే మిగతా ఓడల్ని వెనక వదిలేసి ఒక్కటే ముందు వెళ్ళిపోయి నూట పన్నెండు ఫిరంగుల స్పానిష్ ఓడ శాంటా అనా వెనకనుంచి వరస చీల్చింది. మనవాళ్ళు వచ్చేదాకా ఓ పావుగంట పైనే చుట్టూ శత్రువులు, మధ్యలో ఇదొక్కటే. ఆ గుళ్ళ వానలో డెక్ మీద యాపిల్ తింటూ తిరుగుతున్నాడు కాలింగ్‌వుడ్. అప్పుడు పక్కన ఓ చిన్న తెరచాప తెగి వేలాడుతూ కనపడింది. క్లావెల్‌ని పిలిచి, ఇది మళ్ళీ ఎప్పుడైనా పనికొస్తుంది, పట్టు అని, ఇద్దరూ కలిసి ఆ గుడ్డని శుభ్రంగా చుట్టి పడవలో పెట్టారు. చుట్టూ మనుషులు చస్తున్నారు, ఆ ఓడలోనే ఆ రోజు నలభై ఏడు మంది పోయారు, ఈయన గుడ్డ మడతేస్తున్నాడు. పిసినారితనమా, ధైర్యమా, లేక భయం వేసినప్పుడు చేతికి ఏదో పని కావాలనా, నాకు మూడోదే అనిపిస్తుంది. ఆయన కాలికి కూడా చెక్క పేడు గట్టిగా తగిలింది, రిపోర్ట్‌లో రాయలేదు, పెళ్ళానికి చెప్పింది కూడా నెలల తర్వాతే.

నెల్సన్ చనిపోతూ లంగరు వెయ్యమన్నాడు, ఈయన వెయ్యలేదు, తర్వాత వారం రోజులు తుఫాను, పట్టుకున్న ఓడల్లో నాలుగే చివరికి మిగిలాయి. దీని మీద ఆయన్ని ఇప్పటికీ తిట్టేవాళ్ళున్నారు. కానీ సగం ఓడలకి లంగరు తాళ్ళు గుళ్ళకి తెగిపోయి ఉన్నాయి, తెరచాప స్తంభాలు విరిగి ఉన్నాయి, అలాంటప్పుడు లంగరు వెయ్యి అంటే ఎక్కడ వేస్తారు? సొంత ఓడ ఒక్కటి కూడా పోకుండా తెచ్చాడు, నా లెక్కలో అదే పెద్ద విషయం.

లార్డ్ బిరుదు ఇచ్చారు, ఏడాదికి 2000 పౌండ్ల పెన్షన్ ఇచ్చారు. మగపిల్లలు లేరు కాబట్టి బిరుదు కూతుళ్ళకి వచ్చేలా చెయ్యమని అడిగాడు, కుదరదన్నారు. లీవ్ మాత్రం ఇవ్వలేదు. 1803లో ఇల్లు వదిలి వచ్చిన మనిషి, మళ్ళీ వెళ్ళనే లేదు. మెడిటరేనియన్ మొత్తం ఈయన చేతిలో పెట్టారు, ఫ్రెంచి వాళ్ళు రేవుల్లోంచి బయటికి రాకుండా కాపలా, పైగా సిసిలీ రాజుకీ టర్కీ వాళ్ళకీ అల్జీర్స్ పాలకుడికీ స్పెయిన్ వాళ్ళకీ ఉత్తరాలు. ఒకసారి ఇరవై రెండు నెలలు లంగరు వెయ్యకుండా సముద్రం మీదే ఉన్నాడు. ఇందులో ఆయన తప్పూ ఉంది, చెప్పాలి. ప్రతి ఉత్తరం తానే చదవాలి, తానే రాయాలి, ఎవరికీ ఏదీ వదలడు, రాత్రిళ్ళు బల్ల మీద వంగి రాసి రాసి ఒళ్ళు పాడుచేసుకున్నాడు. అలా అన్నీ ఒక్కడే చేస్తుంటే పైవాళ్ళకి ఇంకొకడు ఎందుకు గుర్తొస్తాడు?

తోడు బౌన్స్ ఒక్కటే, కుక్క. ఫిరంగి మోగితే కిందకి పారిపోయి దాక్కునేది. ఈయన లార్డ్ అయ్యాక ఇంటికి రాసిన ఉత్తరంలో, బౌన్స్ వేషాలు భరించలేకపోతున్నా, పెద్దింటి కుక్కనైపోయానని మామూలోళ్ళ కుక్కలతో ఆడట్లేదు, వాటి మీద కాలెత్తితే అదే మహాప్రసాదం అనుకుంటోంది అని రాశాడు. 1809లో ఓ రాత్రి అది ఓడ మీంచి సముద్రంలో పడి పోయింది.

అప్పటికే ఆయనకి కడుపులో కాన్సర్, తిండి సరిగ్గా దిగట్లేదు. 1808 నుంచే నన్ను పంపించెయ్యండి అని రాస్తున్నాడు, మీ చోట్లో పెట్టడానికి మనిషి లేడు అని జవాబు. పడుకుని కూడా భార్యకి ఎస్టేట్‌లో ఏ కొండ వాలు మీద ఏ చెట్లు నాటాలో రాస్తాడు, మళ్ళీ నా పిచ్చి మొదలుపెట్టానంటావేమో అని తనే నవ్వుకుంటాడు, బీడు నేలలో చెట్లు పెంచడం అంటే గాల్లోంచి మట్టి లాగడమే కదా అంటాడు. ఆ ఒక్క మాట దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నా.

1810 మార్చి 3న ఎట్టకేలకు కమాండ్ వదిలి మినోర్కాలో మహోన్ రేవులో విల్ ద పారీ అనే ఓడ ఎక్కాడు. ఎదురుగాలి, ఓడ కదల్లేదు. 6న బయటపడింది, సముద్రంలోకి వచ్చామని చెప్తే ఆయనకి కాస్త ప్రాణం లేచొచ్చింది, అయితే ఫ్రెంచి వాళ్ళతో ఇంకోసారి తలపడతానేమో అన్నాడు. మర్నాడు అలలు ఎక్కువై ఓడ ఊగుతుంటే ఇబ్బందిగా ఉందా అని కెప్టెన్ థామస్ అడిగాడు. లేదు థామస్, ఇక నన్ను ఇబ్బంది పెట్టేది ఏదీ లేదు, పోతున్నా, ఎంత హాయిగా పోతున్నానో చూస్తే నీకూ ఊరటగా ఉంటుంది అన్నాడు. ఆ సాయంత్రమే పోయాడు, అరవై ఒకటేళ్ళు. శవాన్ని లండన్ తీసుకెళ్ళి సెయింట్ పాల్స్‌లో నెల్సన్ పక్కన పెట్టారు. మోర్పెత్ అక్కణ్ణుంచి ఇంకా చాలా దూరం.