షేర్ చేసిన ఫోల్డర్ తెరుచుకోవట్లేదా? ముందు మిద్దె మీది రౌటర్ చూడండి

కర్నూలు వన్‌టౌన్‌లోనైనా ఆదోనిలోనైనా చాలా ఇళ్ళ కట్టుబడి ఒకటే: కింద అంగడి, పైన కాపురం. అంగట్లో డెస్క్‌టాప్ మీద బిల్లులు, లెక్కలు. మిద్దె మీద పిల్లల ల్యాప్‌టాప్, హాల్లో టీవీ. ఫైబర్ వైరు కింద పెట్టెలోకి వస్తుంది. మధ్యలో శ్లాబు అడ్డం కాబట్టి పైకి వైఫై సరిగా అందదు, అందుకని పైన ఇంకో రౌటర్ పెడతారు. నెట్టు అన్ని గదుల్లోనూ వస్తుంది, యూట్యూబ్ ఆడుతుంది. కింది కంప్యూటర్లో షేర్ చేసిన ఫోల్డర్ మాత్రం తెరుచుకోదు.

అప్పుడు అందరూ చేసేది ఒకటే. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి 'ఎవ్రీవన్'కు ఫుల్ కంట్రోల్ ఇస్తారు, ఫైర్‌వాల్ ఆపేస్తారు, 'పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్' తీసేస్తారు. మూడూ చేసినా తెరుచుకోదు. ఎందుకంటే చాలాసార్లు తగాదా ఫోల్డర్ దాకా పోనేలేదు, దారిలోనే ఆగింది. ఎక్కడ ఆగిందో తెలియకుండా సెట్టింగులు మార్చుకుంటూ పోతే, అసలు తప్పు దొరికేసరికి ఇంకో నాలుగు కొత్తవి చేరి ఉంటాయి.

ఎక్కడ ఆగిందో విండోసే అంకెల్లో చెప్తుంది, కాకపోతే ఎవరూ చదవరు. ఎర్రర్ కోడ్ చివర 80070035 ఉంటే అవతలి మిషను దాకా చేరనేలేదని అర్థం. చివరి 35 పదహారు మూలం లెక్కలో ఉన్న అంకె, మామూలు లెక్కలో 53. 'ఎర్రర్ 53' అని కనబడినా అదే సంగతి. ఈ కోడ్ వచ్చినప్పుడు ఫోల్డర్ పర్మిషన్లు ముట్టుకోవడం దండగ. 1326 వస్తే మిషను దాకా చేరింది, యూజర్ పేరో పాస్‌వర్డో తప్పు. 80070005, లేదా ఉత్త 5, వస్తే లోపలికి వెళ్ళారు కానీ ఆ ఫోల్డర్ మీద హక్కు లేదు. 1219 అంటే అదే మిషనుకు ఇంతకుముందే వేరే పేరుతో కనెక్షన్ ఉంది. 1272 అంటే పాస్‌వర్డ్ లేని గెస్ట్ రాకను మీ విండోసే అడ్డుకుంది.

ఎక్కువగా కనబడేది 35. దాంతోనే మొదలుపెడదాం.

రెండు మిషన్లలోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్‌ఫిగ్ అని మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి, ఐపీవీ4 అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ మిషను నంబరు, చూడండి. కింది డెస్క్‌టాప్‌ది 192.168.1.5, పై ల్యాప్‌టాప్‌ది 192.168.0.103 అని వచ్చిందనుకోండి. మూడో అంకె తేడా ఉంది చూడండి, రోగం అదే. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 ఉన్నప్పుడు, ఇంటి రౌటర్లన్నిటిలోనూ మామూలుగా అదే ఉంటుంది, మొదటి మూడు అంకెలూ కలవకపోతే అవి వేర్వేరు నెట్‌వర్క్‌లు. 169.254తో మొదలైతే మాత్రం అసలు రౌటర్ నుంచి అడ్రసే అందలేదు. వైరో వైఫైయో ముందు సరిచూసుకోవాలి.

ఇది ఎట్లా వస్తుందంటే, కింది ఫైబర్ పెట్టె ల్యాన్ పోర్ట్ నుంచి వచ్చిన వైరును పై రౌటర్ వ్యాన్ పోర్ట్‌లో, అదే రంగు వేరుగా ఉండే పోర్ట్‌లో, గుచ్చుతారు. అప్పుడు పై రౌటర్ తన సొంత నెట్‌వర్క్ కట్టుకుని తన సొంత అడ్రసులు పంచుతుంది. నెట్టుకు దీంతో ఇబ్బంది లేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తమాషా ఏమంటే పై నుంచి కిందికి మిషను పేరుతో తెరుచుకోనిది కూడా \\192.168.1.5 అని అడ్రస్ కొడితే తెరుచుకుంటుంది, కింది నుంచి పైకి ఏం కొట్టినా తెరుచుకోదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోని 'నెట్‌వర్క్' కింద మాత్రం రెండు వైపులా ఒకరికొకరు కనబడరు, ఎందుకంటే 'ఎవరెవరున్నారు' అని వేసే కేక రౌటర్ దాటి పోదు. ఒక దిక్కే పనిచేసే షేరింగ్ కనబడితే ఇంకేమీ వెతక్కుండా పై రౌటర్ దగ్గరికే వెళ్ళండి.

కొత్త రౌటర్లలో చాలావాటికి 'యాక్సెస్ పాయింట్ మోడ్' ఉంటుంది, అంటే సొంత నెట్‌వర్క్ కట్టుకోకుండా కింది నెట్‌వర్క్‌నే వైఫైగా అందించే పద్ధతి. అది పెట్టి సేవ్ చేస్తే సరి. ఆ మోడ్ లేని పాతదైతే చేత్తో చేయాలి, వరస ముఖ్యం. ముందు కింది నుంచి వచ్చే వైరు పీకేయండి. ల్యాప్‌టాప్‌ను పై రౌటర్‌కు వైరుతో కలిపి, బ్రౌజర్‌లో తెరుచుకునే దాని సెట్టింగ్స్ పేజీలో ల్యాన్ అడ్రస్‌ను 192.168.1.2 చేయండి. రౌటర్ తిరిగి లేచాక కొత్త అడ్రస్‌తో లోపలికి పోయి డీహెచ్‌సీపీ, అంటే అడ్రసులు పంచే పని, ఆపేయండి. ఇప్పుడు కింది వైరును వ్యాన్‌లో కాకుండా ల్యాన్ పోర్ట్‌లో పెట్టండి, వ్యాన్ ఖాళీగా వదిలేయండి. డీహెచ్‌సీపీ ఆపకుండా ల్యాన్‌లో గుచ్చితే ఇద్దరూ అడ్రసులు పంచుతారు, అప్పుడు నెట్టు కూడా వస్తూ పోతూ ఉంటుంది. కింది పెట్టె కూడా 192.168.1.2 ఇంకెవరికీ ఇవ్వకుండా, దాని పంపకాన్ని 192.168.1.50 నుంచి మొదలయ్యేట్టు మార్చండి.

అంకెలు కలిసినా చేరకపోతే 'గెస్ట్ వైఫై' అనుమానించండి. గెస్ట్ పేరు మీద ఎక్కిన ఫోను, టీవీ, ల్యాప్‌టాప్‌లకు నెట్టు తప్ప ఇంట్లోని వేరే మిషన్లు అందకుండా చేయడమే దాని పని. మామూలు వైఫై మీద కూడా 'ఏపీ ఐసొలేషన్' అనో 'క్లయింట్ ఐసొలేషన్' అనో ఒక టిక్కు ఉంటుంది, అది పెట్టి ఉంటే తీసేయండి. ఆఫీసు పని కోసం వీపీఎన్ వేసుకున్న ల్యాప్‌టాప్ అయితే, అది ఆపి ఒకసారి చూడండి.

అవతలి మిషను పలుకుతుందా అని చూసే పింగ్ కమాండ్‌ను మాత్రం పూర్తిగా నమ్మకండి. పింగ్‌కు జవాబు రాకపోవడానికి అవతలి ఫైర్‌వాలే కారణం కావచ్చు. షేరింగ్ నడిచేది టీసీపీ 445 పోర్ట్ మీద. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ అని కొట్టి, అవతలి అడ్రస్ ఇచ్చి, చివర -పోర్ట్ 445 పెడితే ట్రూ, ఫాల్స్ అని తేల్చి చెప్తుంది. ట్రూ వస్తే దారి బాగుంది, ఇక గొడవంతా పేరు, పాస్‌వర్డ్, హక్కుల దగ్గరే.

ఒకే నెట్‌వర్క్‌లో ఉండి కూడా ఫాల్స్ వస్తే, ఫోల్డర్ ఉన్న మిషనులో నెట్‌వర్క్ ప్రొఫైల్ 'పబ్లిక్' అయి ఉంటుంది. రౌటర్ మార్చిన మర్నాడే షేరింగ్ ఆగిపోయిందనే ఇళ్ళలో కారణం దాదాపు ఇదే. విండోస్‌కు కొత్త రౌటర్ అంటే కొత్త నెట్‌వర్క్, పేరూ పాస్‌వర్డూ పాతవే పెట్టినా సరే. కొత్త నెట్‌వర్క్‌ను అది బస్టాండులో దొరికే వైఫైలాగే చూసి తలుపు మూసేస్తుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌కు పోయి, కలిసి ఉన్న వైఫై లేదా ఈథర్‌నెట్ ప్రాపర్టీస్‌లో 'ప్రైవేట్' పెట్టండి. తర్వాత విండోస్ 11లో అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్ తెరిచి, ప్రైవేట్ కింద 'నెట్‌వర్క్ డిస్కవరీ', 'ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్' రెండూ ఆన్ చేయండి. ఫైర్‌వాల్ మొత్తం ఆపాల్సిన పని లేదు. బయటి కంపెనీ యాంటీవైరస్ ఉంటే దాని ఫైర్‌వాల్ వేరుగా ఉంటుంది, అందులోనూ ఇంటి నెట్‌వర్క్‌ను నమ్మకమైనదిగా గుర్తించాలి.

అడ్రస్ కొడితే తెరుచుకుంటుంది, 'నెట్‌వర్క్'లో పేరు మాత్రం కనబడదు అనేవాళ్ళకు: అది చిన్న సంగతి. ఫోల్డర్ ఉన్న మిషనులో సర్వీసెస్ తెరిచి 'ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్', 'ఫంక్షన్ డిస్కవరీ ప్రొవైడర్ హోస్ట్' రెండిటినీ ఆటోమేటిక్ చేసి స్టార్ట్ చేయండి. పేరు కనబడకపోయినా పని ఆగదు.

అడ్రస్ మీద ఆధారపడితే ఇంకో చిక్కు ఉంది, కరెంటు. కరెంటు పోయి వచ్చాక రౌటర్ ఎవరికి ఏ అడ్రస్ ఇచ్చిందో మర్చిపోయి, నిన్నటి 5ను ఈరోజు 9 చేయొచ్చు. అంగడి డెస్క్‌టాప్‌కు అడ్రస్ కట్టేయాలి. రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ కింద 'అడ్రస్ రిజర్వేషన్' ఉంటుంది. ఐపీకాన్‌ఫిగ్‌కు /ఆల్ చేర్చి కొడితే వచ్చే 'ఫిజికల్ అడ్రస్' అందులో వేయండి. వైఫై మీద నడిచే మిషనైతే విండోస్‌లో 'రాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్' ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే కట్టింది నిలబడదు. డెస్క్‌టాప్ స్లీప్‌లోకి పోయినా ఫోల్డర్ మాయమవుతుంది. పవర్ సెట్టింగ్స్‌లో స్క్రీన్ ఆరనివ్వండి, స్లీప్ మాత్రం 'నెవర్' పెట్టండి.

ఇక పాస్‌వర్డ్. రోజూ నాలుగంకెల పిన్ కొట్టి మిషను తెరిచేవాళ్ళు ఇక్కడ కూడా అదే కొడతారు. పిన్ ఆ మిషను ముందు కూర్చున్నవాళ్ళకే, నెట్‌వర్క్ మీద చెల్లదు. అసలు పాస్‌వర్డే లేని అకౌంట్‌తో కూడా బయటి నుంచి రానివ్వదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్ అయితే ఈమెయిల్, దాని పాస్‌వర్డ్ ఇవ్వాలి. అది కూడా సరిగా తీసుకోక సతాయించే సందర్భాలున్నాయి. దాని వెంట పడకుండా, షేర్ చేసే మిషనులో ఫోల్డర్ల కోసమే ఒక లోకల్ యూజర్‌ను పెట్టడం మంచిది. సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్‌లో యాడ్ అకౌంట్ నొక్కి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా కొత్త యూజర్‌ను చేర్చండి. 'ఇల్లు' అనో 'అంగడి' అనో అర్థమొచ్చే చిన్న పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టి, పాస్‌వర్డ్ ఇవ్వండి. పైనుంచి తెరిచేటప్పుడు యూజర్ పేరు గడిలో డెస్క్‌టాప్ పేరు, వెనక్కి వాలిన గీత, ఆ తర్వాత యూజర్ పేరు రాయాలి. డెస్క్‌టాప్ పేరు చేర్చకపోతే ఒక్కోసారి ల్యాప్‌టాప్ తన సొంత యూజరే అనుకుని పంపుతుంది.

సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా కాదంటే పాతది దాచిపెట్టుకుని అదే పంపుతోందేమో చూడండి. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్ కింద ఆ మిషను పేరుతోనూ అడ్రస్‌తోనూ ఉన్నవన్నీ తీసేయండి. 1219 వస్తుంటే కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్ యూజ్, ఖాళీ వదిలి నక్షత్రం గుర్తు, మళ్ళీ ఖాళీ వదిలి /డిలీట్ కొడితే పాత కనెక్షన్లన్నీ తెగుతాయి. పేరుతో రానివ్వక అడ్రస్‌తో రానిస్తే, పేరు మీద పాత పాస్‌వర్డ్ దాగి ఉందని దాదాపు ఖాయం.

పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ తీసేస్తే సుఖమనే సలహా ఇప్పుడు ఎదురు తంతుంది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ప్రో ఎడిషన్‌లో షేరింగ్‌లో మిషన్ల మధ్య నడిచే మాటలన్నిటికీ సంతకం, అంటే దారిలో ఎవరూ మార్చలేదని చూపే గుర్తు, తప్పనిసరి చేశారు, గెస్ట్‌ను మూసేశారు. పాస్‌వర్డ్ లేని గెస్ట్‌కు సంతకం చేయడానికి తాళంచెవే పుట్టదు. అందుకే నిన్నటిదాకా తెరుచుకున్న ఫోల్డర్ అప్‌డేట్ తర్వాత 1272 చూపిస్తుంది. సంతకం ఆపేసే దారులు ఉన్నాయి, అయినా పాస్‌వర్డ్ ఉన్న యూజర్ పెట్టుకోవడం అంతకంటే తేలిక.

లోపలికి వెళ్ళాక 'యాక్సెస్ డినైడ్' అంటే ఇప్పుడు ఫోల్డర్ ప్రాపర్టీస్. ఇక్కడ రెండు గేట్లు. షేరింగ్ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ షేరింగ్ కింద పర్మిషన్స్ ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్ ఇంకొకటి. రెండిట్లో ఏది బిగువుగా ఉంటే అదే చెల్లుతుంది. షేరింగ్‌లో ఫుల్ కంట్రోల్ ఇచ్చి సెక్యూరిటీలో ఆ యూజర్‌కు ఏ హక్కూ లేకపోతే లోపలికి రానివ్వదు. షేరింగ్‌లో రీడ్ ఒక్కటే ఇచ్చి సెక్యూరిటీలో మాడిఫై ఇస్తే చదవనిస్తుంది, సేవ్ చేయనివ్వదు. షేరింగ్ పర్మిషన్స్‌లో మీరు చేసిన యూజర్‌కు 'చేంజ్' ఇచ్చి, అసలు కట్టడి సెక్యూరిటీ ట్యాబ్‌లోనే పెట్టుకోండి. రెండు చోట్లా కట్టడి పెడితే ఆర్నెల్ల తర్వాత ఎక్కడ ఏం పెట్టామో మనకే తెలియదు.

ఫోల్డర్ తెరుచుకుని, అందులో కొన్ని ఫైళ్ళే మొరాయిస్తే అవి అదే డ్రైవ్‌లో వేరే చోట నుంచి కట్ చేసి పేస్ట్ చేసినవి అయి ఉంటాయి. ఒకే డ్రైవ్‌లో జరిపిన ఫైలు పాత చోటి హక్కులనే మోసుకొస్తుంది, కాపీ చేసినది కొత్త ఫోల్డర్ హక్కులు తీసుకుంటుంది. సెక్యూరిటీలో అడ్వాన్స్‌డ్ తెరిచి, చైల్డ్ ఆబ్జెక్ట్ పర్మిషన్లన్నీ రీప్లేస్ చేసే టిక్కు పెట్టి అప్లై చేస్తే సర్దుకుంటాయి. ఇది డ్రైవ్ మొత్తం మీద కాదు, ఆ ఫోల్డర్ మీదే చేయాలి. సీ డ్రైవ్ మీద చేస్తే విండోసే దెబ్బతింటుంది.

పాత మిషన్ల గురించి ఒక మాట. ఎక్స్‌పీ మిషను, యూఎస్‌బీ పోర్ట్ ఉన్న పాత రౌటర్లు, కొన్ని పాత టీవీ పెట్టెలు షేరింగ్‌కు వాడే పాత భాష ఎస్ఎంబీ1 ఒక్కటే మాట్లాడతాయి. 2017 మేలో ప్రపంచమంతా పాకి, ఫైళ్ళకు తాళం వేసి డబ్బులడిగిన వానాక్రై వైరస్ ఆ లొసుగులోంచే దూరింది. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 1709 నుంచి దాన్ని మామూలుగా పెట్టడం మానేశారు. 'టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్' లో టిక్కు పెట్టి తిరిగి తెచ్చుకోమని చెప్పేవాళ్ళుంటారు. అంగడి లెక్కలున్న మిషనులో ఆ పని చేయకండి. సినిమాలు చూడ్డానికైతే టీవీకి పెన్‌డ్రైవ్ చాలు. విండోస్ 7 మిషనుతో కలవడానికి ఎస్ఎంబీ1 అక్కర్లేదు, అది ఎస్ఎంబీ2 కూడా మాట్లాడుతుంది.

ఐఫోన్‌లో ఫైల్స్ యాప్ మూడు చుక్కల్లో 'కనెక్ట్ టు సర్వర్' ఉంది. ఆండ్రాయిడ్‌లో నెట్‌వర్క్ స్టోరేజ్ ఉన్న ఏ ఫైల్ మేనేజరైనా, వీడియోలకు వీఎల్‌సీ అయినా సరిపోతుంది. వాటిలోనూ ఇచ్చేది అదే లోకల్ యూజర్, అదే పాస్‌వర్డ్.

షేర్ చేసింది బయటి హార్డ్‌డిస్క్‌ను అయితే దాని అక్షరం కట్టేయండి. ఈరోజు ఎఫ్‌గా వచ్చిన డిస్క్, ఇంకో పెన్‌డ్రైవ్ ముందే గుచ్చి ఉంటే రేపు జీగా వస్తుంది. షేర్ అక్షరానికే అతుక్కుని ఉంటుంది కాబట్టి తెగిపోతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దానికి ఆర్ లాంటి, వరుసలో చివరి వైపు ఉండే అక్షరం ఇచ్చి, ఆ తర్వాత షేర్ చేయండి.