మా బండోడికి ఇన్సులిన్ మానిన సంగతి

మా పిల్లి బండోడికి షుగర్ వచ్చిందని మొదట పట్టుకున్నది మా అమ్మ. వరండాలో వాడి ఇసక తొట్టి చుట్టూ చీమలు బారులు తీరి ఉంటే చూసి, "ఏటే ఇది, ఒంటేలుకి చీమలు పడుతున్నాయి? నాకొచ్చిందే వీడికీ వచ్చినట్టుంది" అంది. అమ్మ ఏళ్ళ తరబడి ఇన్సులిన్ మీద ఉంది, అందుకే అనుమానం చటుక్కున అటు పోయింది. అప్పటికే వాడు నీళ్ళ గిన్నెని వదిలిపెట్టడం లేదు. ఎంత పెట్టినా తింటున్నాడు, అయినా నిమిరితే వెన్నెముక చేతికి తగులుతోంది. అన్నిటికంటే నాకు భయం వేసింది వాడి నడక చూసి. పిల్లులు వేళ్ళ మీద నడుస్తాయి. వీడు వెనక కాళ్ళ మడమలు పూర్తిగా నేలకి ఆనించి ఈడ్చుకుంటూ వస్తున్నాడు. పెరటి గోడ ఒక్క గెంతులో ఎక్కేవాడు, మంచం ఎక్కడానికి కూడా వెనకాడుతున్నాడు.

మేముండేది ఒడిశాలోని పర్లాకిమిడిలో. ఇక్కడి పశువుల డాక్టర్ల దగ్గరికి ఆవులు, మేకలే ఎక్కువ వస్తాయి. పిల్లికి ఈ పరీక్షలన్నీ చేయించాలంటే విశాఖ పోవాలని చెప్పారు. గుణుపురం నుంచి వచ్చే రైల్లో, మూత ఉన్న బుట్టలో పెట్టుకుని తీసుకెళ్ళాను. దారి పొడుగునా అరుస్తూనే ఉన్నాడు. క్లినిక్‌లో చూస్తే షుగర్ 430 ఉంది. కానీ డాక్టరమ్మ ఆ ఒక్క అంకెతో ఏదీ తేల్చలేదు. పిల్లి బెదిరితే చాలు, ఏ రోగం లేకపోయినా గ్లూకోజ్ అమాంతం పెరుగుతుందట. అందుకని ఫ్రక్టోసమీన్ అనే పరీక్షకి రక్తం పంపారు. గడిచిన రెండు మూడు వారాలుగా షుగర్ ఎలా ఉందో అందులో తెలుస్తుంది, ఆ రోజు ప్రయాణం టెన్షన్ దాన్ని మార్చదు. అదీ ఎక్కువే వచ్చింది. మూత్రంలోనూ చక్కెర ఉంది. పిల్లికి రక్తంలో గ్లూకోజ్ సుమారు 250 దాటితేగాని మూత్రంలోకి దిగదు, అంటే చీమలు పట్టేనాటికే వాడి ఒంట్లో అంత షుగర్ ఉందన్నమాట.

ఆవిడ అడిగిన ప్రశ్నల్లో ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. "ఈ మధ్య దురదకి ఇంజక్షన్లు ఏమైనా చేయించారా?" చేయించాం. వానాకాలమంతా వాడు మెడ గోక్కుని పుండ్లు చేసుకుంటుంటే, ఒకచోట చూపించిన ప్రతిసారీ ఒక ఇంజక్షన్ చేసి పంపేవారు. రెండు రోజుల్లో దురద పోయేది. అది ఎక్కువకాలం పనిచేసే స్టెరాయిడ్ అని గానీ, దానివల్ల షుగర్ రావచ్చని గానీ మాతో ఎవరూ అనలేదు. చీటీ మీద మందు పేరు కూడా రాయలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. వయసు మళ్ళిన, ఒళ్ళు చేసిన, ఆపరేషన్ అయిన మగపిల్లికి షుగర్ ముప్పు ఎలాగూ ఎక్కువే. అలాంటివాడికి స్టెరాయిడ్ ఇచ్చే ముందు ఒక్క మాట చెప్పాలి కదా.

అయితే ఆశ కూడా అక్కడే దొరికింది. పిల్లులకి వచ్చే షుగర్ చాలావరకు మనుషుల్లో టైప్ 2 లాంటిది. పాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే కణాలు ఒక్కసారిగా చచ్చిపోవు, ఎడతెగని షుగర్ వల్ల నీరసించిపోతాయి. కొన్నాళ్ళు బయటినుంచి ఇన్సులిన్ ఇచ్చి షుగర్‌ని అదుపులో ఉంచితే, మిగిలిన కణాలు తేరుకుని మళ్ళీ పని అందుకోవచ్చు. స్టెరాయిడ్ వల్ల బయటపడ్డ షుగర్‌లో ఆ అవకాశం ఇంకా మెరుగు. రూంప్, ర్యాండ్ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనం గురించి డాక్టరమ్మ చెప్పారు. ఇంట్లోనే షుగర్ చూసుకుంటూ గ్లార్జిన్ ఇన్సులిన్ ఇచ్చిన 55 పిల్లుల మీద చేసినది. రోగం తేలిన 6 నెలల్లోపు ఈ పద్ధతి మొదలుపెట్టినవాటిలో 84 శాతం పిల్లులకి ఇన్సులిన్ అవసరం లేకుండా పోయింది. ఆలస్యంగా మొదలుపెట్టినవాటిలో 35 శాతమే. "రేపటినుంచే మొదలుపెట్టండి" అన్నారు.

అలా మా ఫ్రిజ్‌లో ఇద్దరి ఇన్సులిన్ చేరింది. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది చాలా ఉంది. అమ్మది మిల్లీలీటరుకి 40 యూనిట్ల సీసా, సిరంజికి ఎర్ర మూత. బండోడి గ్లార్జిన్ మిల్లీలీటరుకి 100 యూనిట్లు, దాని సిరంజికి నారింజ రంగు మూత. వాడి మందుని అమ్మ సిరంజిలో ఒక యూనిట్ గీత దాకా లాగితే లోపలికి పోయేది రెండున్నర యూనిట్లు. మనిషి ఒంటికి ఆ తేడా అంతగా తెలియకపోవచ్చు, ఐదు కిలోలు లేని పిల్లికి ప్రాణం మీదికి వస్తుంది. అమ్మ మందు తెల్లగా మబ్బుగా ఉంటుంది, అరచేతుల మధ్య దొర్లించి వాడాలి. వాడిది తేటగా ఉంటుంది. అమ్మ వాడి సీసా, సిరంజిలు వేరే స్టీలు డబ్బాలో పెట్టి, మూత మీద "పిల్లిది" అని తెలుగులో రాసింది. ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఒరియా మాత్రమే చదవడం వచ్చు కాబట్టి ఆ పిల్ల చేతే కింద ఒరియాలో కూడా రాయించింది.

పొద్దున ఒక యూనిట్, పన్నెండు గంటల తర్వాత ఒక యూనిట్. సూది వెయ్యడం నాకు అమ్మే నేర్పింది. వాడు తింటుండగా భుజాల మధ్య చర్మం పైకెత్తి వేస్తే తల కూడా ఎత్తేవాడు కాదు. కష్టమంతా చెవి దగ్గరే. షుగర్ చూడాలంటే చెవి అంచు వెంబడి పోయే సన్నటి నరానికి, అంచుకి మధ్య గుచ్చాలి. చెవి చల్లగా ఉంటే చుక్క రాదు. వేడినీళ్ళలో పిండిన గుడ్డని చేతి మీద వేసి చూసుకుని, గోరువెచ్చగా ఉన్నప్పుడు చెవికి చుట్టి కాసేపు పట్టుకుంటే నరం ఉబ్బి కనిపిస్తుంది. చెవి వెనక దూది అడ్డం పెట్టి గుచ్చాలి, లేకపోతే సూది మన వేలికే దిగుతుంది. ఆవగింజంత చుక్క వస్తే చాలు, స్ట్రిప్పు దాన్ని పీల్చేస్తుంది. తర్వాత దూదితో కాసేపు నొక్కి, ఒక చికెన్ ముక్క. ఆ ముక్క కోసం కొన్నాళ్ళకి వాడే వచ్చి అమ్మ ఒళ్ళో కూర్చునేవాడు. వాడింది అమ్మ మిషనే. మనుషుల మిషన్ పిల్లి రక్తానికి అసలు కంటే కాస్త తక్కువ చూపిస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పారు, దాన్ని లెక్కలో పెట్టుకునే మందు మోతాదు చెప్పేవారు.

తిండి మార్చడం మా ఇంట్లో పెద్ద గొడవైంది. వాడు చిన్నప్పటినుంచి తిన్నది పాలన్నం, పెరుగన్నం, పైన దుకాణంలో కొన్న గట్టి బిళ్ళలు. పిల్లి పుట్టుకతో మాంసాహారి. అన్నం, గోధుమ, మొక్కజొన్న పిండి అరిగాక వచ్చే గ్లూకోజ్‌ని దాని లివర్ మనలాగా సర్దుకోలేదు. బిళ్ళల్లో పిండిపదార్థం బాగా ఎక్కువ. అవన్నీ ఆపి, పిండి తక్కువ ఉన్న డబ్బా తిండికి మార్చాం. ఒట్టి ఉడికించిన కోడిమాంసంతోనే నడిపించకూడదు, పిల్లికి కావలసిన టారిన్ అనే పోషకం, కాల్షియం దాంతో సరిపోవు. టారిన్ తగ్గితే గుండె, కళ్ళు దెబ్బతింటాయి. "పిల్లికి పాలు పొయ్యని ఇల్లుంటాదా?" అని పక్కింటి పిన్ని బాధపడింది. సూదులు మానేసి కాకరకాయ రసం పట్టించమని కూడా ఆవిడే అంది. ప్రేమతో చెప్పిన మాటే, కానీ అది వినివుంటే వాడు దక్కేవాడు కాదు. షుగర్ ఎక్కువగా ఉండగా ఇన్సులిన్ ఆపేస్తే ఒళ్ళు కొవ్వుని కరిగించుకోవడం మొదలుపెడుతుంది, దాంతో పుట్టే కీటోన్లు అనే ఆమ్లాలు రక్తంలో పేరుకుంటాయి, వాంతులు పట్టుకుని రోజుల్లో ప్రాణం పోతుంది.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు అమ్మ తన ఇన్సులిన్ని కవర్లో చుట్టి చిన్న కుండలో పెట్టి, దాన్ని తడి ఇసక పోసిన పెద్ద కుండలో దించి కాపాడుకుంది. ఈసారి గాలివానకి కరెంటు పోయినప్పుడల్లా స్టీలు డబ్బా కూడా ఆ కుండలోకే వెళ్ళేది.

తిండి మారిన కొన్ని వారాలకి అంకెలు దిగడం మొదలైంది. ఒక మధ్యాహ్నం 62 చూపించింది. ఇంకా కిందికి పోతే తూలడం, ఫిట్స్ రావడం జరుగుతాయి. అలాంటప్పుడు చిగుళ్ళకి తేనె రాయమని డాక్టరమ్మ చెప్పి ఉన్నారు కాబట్టి సీసా చేతిలో పెట్టుకునే కూర్చున్నాం. వాడు మామూలుగానే ఉన్నాడు, తిండి పెడితే తిన్నాడు, గంటకి 90కి వచ్చింది. ఫోన్ చేస్తే ఆవిడ గొంతులో సంతోషం వినిపించింది. "వాడి పాంక్రియాస్ లేస్తోందమ్మా" అని, పూటకి అర యూనిట్‌కి తగ్గించారు. అప్పటినుంచి మా పద్ధతి అదే. ఇంజక్షన్ టైముకి అంకె వరుసగా 150 లోపు ఉంటే తగ్గింపు, పెరిగితే పాత మోతాదు. మా ఇష్టం ఏమీ లేదు, వాడి రక్తం ఏం చెబితే అది. అర యూనిట్ గీతలున్న సిరంజి కూడా విశాఖ నుంచే తెప్పించుకున్నాం, అమ్మ భూతద్దం పెట్టి చూసేది.

మొదటిసారి పూర్తిగా ఆపితే నిలవలేదు. నాలుగైదు రోజులు 130, 140 ఉన్నది 260కి ఎక్కింది. వెంటనే అర యూనిట్ మళ్ళీ మొదలుపెట్టాం. నాకు ఏడుపు వచ్చేసింది. మళ్ళీ రైలెక్కి వెళ్తే డాక్టరమ్మ వాడి నోరు తెరిచి చూశారు. వెనక పన్ను ఒకటి కుళ్ళి, చుట్టూ చిగురు ఎర్రగా వాచి ఉంది. ఒంట్లో ఎక్కడ చీము, వాపు ఉన్నా ఇన్సులిన్ సరిగా పనిచేయదు, పంటి చీము కూడా అందులో లెక్కే. పన్ను తీయించాం, యాంటీబయాటిక్ వాడాం. తర్వాత మోతాదు దానంతట అదే తగ్గుతూ వచ్చింది. ఒక పూట మానింది, కొన్నాళ్ళకి రెండో పూట కూడా.

ఇన్సులిన్ లేకుండా నాలుగు వారాలు షుగర్ మామూలుగా ఉంటేనే కోలుకున్నట్టు లెక్క. ఆ నాలుగు వారాలూ అమ్మ తన షుగర్ కంటే ముందు వాడిది చూసింది. 90, 104, 88. క్యాలెండర్ మీద రాస్తూ పోయింది. ఆ మధ్యలోనే ఒక పొద్దున వెనక కాళ్ళు మునివేళ్ళ మీద నిలబెట్టి వంటింటి గట్టు ఎక్కాడు. దించి మందలించాల్సింది పోయి, అమ్మ అక్కడే చేపముక్క పెట్టింది.

ఇలా కోలుకున్న పిల్లుల్లో నాలుగింట ఒకటికి అటూ ఇటూగా షుగర్ తిరగబెడుతుంది. అందుకే వారానికొకసారి చెవి గుచ్చడం మానలేదు. నెలకోసారి కిరాణా కొట్టు కాటా మీద బుట్టతో సహా తూస్తున్నాం. వాడి ఫైలు అట్ట మీద "స్టెరాయిడ్ వద్దు" అని పెద్ద అక్షరాలతో రాసిపెట్టాను, దురద వస్తే ముందు ఒంటి మీద పేలు, గోమార్లు ఉన్నాయేమో చూడమని డాక్టరమ్మ సలహా. అంకె రెండు రోజులు వరుసగా 200 దాటితే ఆగకుండా ఫోన్ చేయమన్నారు. తెరవని గ్లార్జిన్ ఒకటి, నారింజ మూత సిరంజిల ప్యాకెట్ ఒకటి స్టీలు డబ్బాలో అలాగే ఉంచాం, గడువు దగ్గరపడితే కొత్తవి తెచ్చి పెడతాను.