ఐదు నిమిషాల సాక్ష్యంలో పట్టనివి

ఆదివారం ఆరాధనలో సాక్ష్యానికి ఐదు నిమిషాలిచ్చారు. "మాత్రల గొడవంతా ఎందుకు సిస్టర్, దేవుడు మలేరియా బాగుచేశాడని చెప్పండి చాలు" అన్నారు టీమ్ లీడర్ గారు. దేవుడే బాగుచేశాడు, అందులో నాకు సందేహం లేదు. ఎన్ని మిల్లీగ్రాములతో బాగుచేశాడో కూడా నాకు తెలుసు.

ఉగాండా తూర్పున తేసో ప్రాంతం. సొరోటి పట్నం నుంచి గంటన్నర మట్టిరోడ్డు. మా చర్చి టీమ్ తొమ్మిదిమందిమి, మూడు వారాలు. పొద్దున వైద్య శిబిరం, మధ్యాహ్నం పిల్లలకు బైబిల్ పాఠాలు, రాత్రి మామిడిచెట్టు కింద కూడికలు. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, వేలు గుచ్చి మలేరియా కిట్ చూడటం నా పని. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి పదిరోజుల ముందే వేయించుకోవాలని మాలో అందరికీ గుర్తుంది. టీకా వేసుకున్నట్టు ఇచ్చే ఆ పసుపు పుస్తకం లేకపోతే తిరుగు ప్రయాణంలో మన విమానాశ్రయంలోనే ఆపి క్వారంటైన్‌లో పెడతారు కదా. మలేరియా మాత్రలు వేసుకుంటున్నావా అని మాత్రం ఎవరూ అడగరు.

మలేరియా రాకుండా నేను డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాను. రోజుకు 100 మిల్లీగ్రాములు, బయల్దేరే ముందురోజు నుంచి, తిరిగొచ్చాక నాలుగు వారాల వరకు. ఐదోరోజు రాత్రి కూడిక అయ్యాక ఖాళీ కడుపున, గుక్కెడు నీళ్లతో వేసుకుని అలాగే పడుకున్నాను. మందు అన్నవాహికలో అతుక్కుని పుండు చేసింది. మెతుకు మింగితే నిప్పు మింగినట్టే. తప్పు మందుది కాదు. తిన్నాక, గ్లాసు నిండా నీళ్లతో వేసుకుని, కనీసం అరగంట కూర్చోవాలి. మానేస్తానంటే లీడర్ గారు నవ్వి, "చింతపల్లి మన్యంలో పుట్టినదానివి, నీకు మలేరియా ఏం చేస్తుందమ్మా" అన్నారు. వినడానికి బావుంది, నమ్మేశాను. చిన్నప్పుడు మన్యం జ్వరం మూడుసార్లు వచ్చిన మాట నిజమే. కానీ ఆ రక్షణ దోమలతో కుట్టించుకుంటూ ఉన్నన్నాళ్లే. పన్నెండేళ్లుగా విశాఖలో ఉంటున్న ఒంట్లో అదేం మిగిలి ఉంటుంది?

పదహారో రోజు మధ్యాహ్నం నడుం నొప్పి, ఆపైన చలి. మా టీమ్ కుర్రాడి చేతికి వేలిచ్చాను. ఐదు నిమిషాలకే "నెగెటివ్ అక్కా" అన్నాడు. ఆ కిట్‌కి పదిహేను నిమిషాలు ఆగాలి. రక్తంలో మలేరియా పారసైట్లు (పరాన్నజీవులు) తక్కువుంటే గీత ఆలస్యంగా, పల్చగా వస్తుంది. రోజూ ఆ మాట వాళ్లకి చెప్పేది నేనే. అయినా పారాసిటమాల్ వేసుకుని పడుకున్నాను. చీకటి పడ్డాక చెత్తబుట్టలోంచి కిట్ తీసి చూస్తే రెండో గీత, అంటే పాజిటివ్ గీత, ఉంది. అంతసేపటి తర్వాత వచ్చిన గీతను లెక్కలోకి తీసుకోకూడదు, మళ్లీ కొత్త కిట్‌తో చూడాలి. కిట్ల డబ్బా వ్యాన్‌లో, వ్యాన్ డ్రైవర్‌తో పాటు పట్నంలో.

పళ్లు టకటకలాడే చలి గంటసేపు. తర్వాత కాలిపోయే వేడి. పదకొండింటికి పక్క మంచం ఆవిడ మలేరియా తగ్గించే ఆర్టిమీథర్-ల్యూమెఫాంట్రిన్ నాలుగు మాత్రలు చేతిలో పెట్టింది. ఆ మందు కొవ్వుతో పాటు తింటేనే ఒంటికి పడుతుంది. వేరుశనగ ముద్ద రెండు చెంచాలు నాకి మింగాను. ఇరవై నిమిషాల్లో వాంతి. గంటలోపు వాంతయితే మళ్లీ మొత్తం వేసుకోవాలి. మళ్లీ నాలుగు, మళ్లీ వాంతి. మాకోసం దాచుకున్నది ఒకే ఒక్క కోర్సు, 24 మాత్రలు. ఎనిమిది నేలపాలయ్యాయి.

రెండింటికి అందరూ లేచి చుట్టూ మోకరించారు. ఆ ప్రార్థన వింటుంటే నిజంగానే ధైర్యం వచ్చింది, ఇప్పటికీ కాదనను. అది ముగిశాక లీడర్ గారి గొంతు: "తెల్లారనిద్దాం. ఈ రాత్రి దేవుడు చేసే కార్యం చూద్దాం." నోట్లో మాత్ర నిలవనప్పుడు ఇంజెక్షన్ తప్ప దారి లేదని, మలేరియాలో షుగర్ పడిపోతుందని చెప్పాలనుకున్నాను. నాలుక మడత పడింది. ఏవో మాటలు వచ్చాయట, తెలుగు కూడా కాదట. బైబిల్లో, తన తోటి ప్రయాణికుడు త్రోఫిముకు జబ్బు చేస్తే అతణ్ణి మిలేతులో విడిచివచ్చానని రాసిన పౌలుకు విశ్వాసం తక్కువైందా? ఈ ప్రశ్న అప్పుడు తట్టలేదు, ఆసుపత్రి మంచం మీద తట్టింది.

మాకు వండిపెట్టే ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. మన రాగి సంకటిలాంటి అటాప్ రోజూ ఆమె చేత్తోనే తినేవాళ్లం. లోపలికొచ్చింది, నా కనురెప్ప కిందికి లాగి చూసింది, ఎవర్నీ అడక్కుండా వెళ్లి బోడాబోడా (బైక్ టాక్సీ) తోలే మరిదిని లేపుకొచ్చింది. అతని వెనక నేను, నా వెనక ఆమె. ముగ్గురినీ కలిపి నడుం చుట్టూ గుడ్డ బిగించి కట్టింది, సోయి తప్పినా జారిపోకుండా. రెండు గంటల దారి. ఎయలమ నోయి అంటే చాలా కృతజ్ఞతలని వాళ్ల భాషలో. ఆ ముక్క నేర్చుకుని ఆమెతో అనడానికి నాకు ఇంకో వారం పట్టింది.

ఆసుపత్రిలో క్లినికల్ ఆఫీసర్ చేసిన మొదటి పని షుగర్ చూడటం. 38. ముందు గ్లూకోజు ఎక్కించి, తర్వాత ఆర్టిసునేట్ అనే మలేరియా ఇంజెక్షన్. కిలోకి 2.4 మిల్లీగ్రాములు, నా 50 కిలోలకు 120, అంటే 60 మిల్లీగ్రాముల వయల్స్ రెండు. మొదటిది, పన్నెండు గంటలకు రెండోది, ఇరవై నాలుగు గంటలకు మూడోది. తర్వాత నోటిమాత్రలు నిలిచాయి. నాలుగేసి చొప్పున 0, 8, 24, 36, 48, 60 గంటలకు. మూడు ఇంజెక్షన్లయ్యాక తేలిగ్గా ఉందని ఈ కోర్సు ఎగ్గొడితే జ్వరం తిరగబెడుతుంది. తెల్లారాక లీడర్ గారు వచ్చారు. బిల్లు సొంత డబ్బుతో కట్టారు, నా కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చారు. అదీ రాయాలి.

ఇంటికొచ్చిన రెండో వారంలో మెట్లెక్కితే ఆయాసం, మూత్రం కాఫీ డికాక్షన్ రంగు. చూపించుకున్న డాక్టరు గారు "ప్రయాణపు నీరసం, దానిమ్మ రసం తాగండి" అని పంపేశారు. మా ల్యాబ్‌లోనే చూసుకున్నాను. ఆసుపత్రి వదిలేనాటికి 11.6 ఉన్న హిమోగ్లోబిన్ 7.8కి దిగింది. ఆర్టిసునేట్ ఎర్రకణంలోని పారసైట్‌ని చంపుతుంది, ప్లీహం ఆ చచ్చినదాన్ని లాగేసి కణాన్ని మళ్లీ రక్తంలోకి వదులుతుంది. అలా వదిలిన కణాలకు ఆయుష్షు తక్కువ, కొన్నాళ్లకు గుంపుగా పగిలిపోతాయి. దానిమ్మ రసం వాటినేం ఆపుతుంది? ఆర్టిసునేట్ ఎక్కించుకున్నవాళ్లు నాలుగు వారాలపాటు వారానికోసారి హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. డిశ్చార్జి కాగితం మీద ఆ సంగతి రాసే ఉంది. డాక్టరు గారు ఆ కాగితం తిప్పి చూడలేదు, అదే కోపం. నాకు రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు. ఆరో వారానికి 11 దాటింది.

సాక్ష్యం నాలుగున్నర నిమిషాల్లో ముగించాను, లీడర్ గారు చెప్పినట్టే. బయట చెప్పుల దగ్గర వచ్చే టీమ్‌లో వెళ్లబోయే అమ్మాయి పట్టుకుంది. "అక్కా, మాత్రలు ఎన్ని పట్టుకెళ్లాలి?"

"మలేరియా వచ్చాక వేసుకునే కోర్సుకి ఇరవై నాలుగు" అన్నాను. "టీమ్‌కి కాదు, మనిషికి. డాక్సీసైక్లిన్ లెక్క వేరే, కాగితం తీసుకో."