ఇల్లు చూసుకునే ముందు ఏరియా సేఫా కాదా ఎలా తేల్చుకున్నానంటే

నేను పనిచేసే ల్యాబ్ అమీర్‌పేటలో. సెకండ్ షిఫ్ట్ పడితే రాత్రి పదికి వదులుతారు. మెట్రో ఎక్కి మియాపూర్ వైపు వచ్చి దిగేసరికి పదిన్నర దాటుతుంది. హాస్టల్ వదిలేసి అమ్మని ఖమ్మం నుంచి తెచ్చుకుని ఇల్లు తీసుకుందామనుకున్నప్పుడు అద్దె, నీళ్ల కన్నా ముందు నాకు తేలాల్సింది ఒకటే. ఆ టైములో మెట్రో దగ్గర్నుంచి గేటు దాకా ఒక్కదాన్నే నడవగలనా? ఎవరిని అడిగినా "మంచి ఏరియా అమ్మా, అంతా ఫ్యామిలీలే" అన్నారు. మా బ్రోకరైతే చూపించిన ప్రతి కాలనీకీ అదే మాట.

సరే, లెక్కలు చూద్దామని ఎన్‌సీఆర్‌బీ, అంటే దేశమంతా నేరాల లెక్కలు కూడే కేంద్ర సంస్థ, వేసే రిపోర్టు తెరిచాను. ఇరవై లక్షల పైన జనాభా ఉన్న 19 నగరాల వివరాలు అందులో విడిగా ఉంటాయి. హైదరాబాద్ కూడా ఉంది, కానీ ఊరంతటికీ కలిపి ఒకే అంకె. నా సందు సంగతి దాన్నుంచి ఏం తెలుస్తుంది? క్రైమ్ రేటంటే లక్ష మందికి ఇన్ని కేసులని. నగరాల విషయంలో ఆ జనాభా 2011 లెక్కలది. అప్పటికి మియాపూర్‌లో మెట్రోనే లేదు. ఒకే ఎఫ్ఐఆర్‌లో నాలుగు నేరాలున్నా వాటిలో పెద్దదాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటారట. అన్నిటికన్నా ముఖ్యం, కేసు కడితేనే అది అంకెలోకి ఎక్కుతుంది. ఢిల్లీలో బండి పోతే ఆన్‌లైన్‌లోనే ఎఫ్ఐఆర్ చేసుకునే వీలు 2015లో వచ్చింది. అక్కడ దొంగతనాల అంకె అంత పెద్దగా ఉండటానికి అదీ ఒక కారణం. ఫిర్యాదు తీసుకోకుండా తిప్పి పంపే చోట మాత్రం రేటు భేషుగ్గా ఉంటుంది. అంకె తక్కువుందని ధైర్యం తెచ్చుకోబుద్ధి కాలేదు.

తర్వాత ఎఫ్ఐఆర్‌ల మీద పడ్డాను. వాటిని 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. తెలంగాణ పోలీసు సైట్‌లో స్టేషన్, తేదీలు ఎంచుకుని చూడొచ్చు. ముందు మన ఇల్లు ఏ స్టేషన్ లిమిట్స్‌లోకి వస్తుందో కనుక్కోవాలి, రోడ్డుకి ఇవతల ఒకటి, అవతల ఇంకొకటి కావచ్చు. రాత్రిళ్లు అన్నం తిన్నాక అవే చదివేదాన్ని. ఎక్కువగా సైబర్ మోసాలు. డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఆ ఏరియాలో ఉంటారు కాబట్టి కేసు అక్కడ కడతారు, అంతే. వీధికీ దానికీ సంబంధం లేదు. అవి పక్కన పెడితే బైకులు పోవడం, తాళం వేసిన ఇళ్లలో దొంగలు పడటం. నేను వెతికింది బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 304, అంటే స్నాచింగ్. 2024 జులై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చాకే దానికి మన దగ్గర విడిగా సెక్షన్ వచ్చింది. కోర్టులో గుమస్తాగా చేసి రిటైరైన మా మామయ్యకి ఫోన్‌లో "304 కేసులు రెండు మూడు కనపడ్డాయి" అంటే, "ఓరి నాయనో, అక్కడ ఇల్లేంటే!" అన్నాడు. ఆయనకి అలవాటైన పాత ఐపీసీలో 304 అంటే మనిషి ప్రాణం పోయిన కేసు మరి.

ఆడవాళ్ల మీద జరిగే లైంగిక నేరాల ఎఫ్ఐఆర్‌లు సైట్‌లో పెట్టరు. బాధితురాలి వివరాలు బయటపడకూడదు కాబట్టి అది న్యాయమే. కానీ నాకు భయం ఉన్నదే వాటి గురించి, అవి అక్కడ దొరకవు. అందుకే స్టేషన్‌కే వెళ్లాను. అమ్మ "కేసూ లేదు, ఏం లేదు, స్టేషన్ మెట్లు ఎక్కడమేంటే" అని గొణుగుతూనే వచ్చింది. రిసెప్షన్‌లో ఉన్న లేడీ కానిస్టేబుల్ అంతా విని, ఏరియా ఎలాంటిదో చెప్పలేదు. "ఏ ఇల్లు? మెట్రో నుంచి ఎటు నుంచి వెళ్తావమ్మా?" అని అడిగింది. చెప్పాను. "వైన్స్ వెనక సందులోంచి వద్దు. చుట్టైనా టిఫిన్ బండ్ల వైపు నుంచి వెళ్లు. క్యాబ్ ఎక్కితే 100 కొట్టి 8 నొక్కు, టీ-సేఫ్ అని మా పోలీసుల సర్వీసు, అందులో నీ ప్రయాణం చూస్తుంటారు" అంది. అన్ని రోజులు చదివినదానికన్నా ఆ రెండు నిమిషాల్లో పనికొచ్చింది ఎక్కువ.

ఇక రాత్రిపూట నడిచి చూడటం. పగలు చూసి నచ్చిన ఇల్లు ఒకటుంది, కొత్త బిల్డింగ్, మెట్రోకి దగ్గర. షిఫ్ట్ టైముకే అమ్మా నేనూ ఆ దారిన వెళ్లాం. వైన్స్ పర్మిట్ రూములోంచి బయటికొచ్చినవాళ్లు బైకుల మీద కూర్చుని ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆ తర్వాత పొడవాటి కాంపౌండ్ గోడ, రెండో పక్క ఖాళీ ప్లాటు, వెలగని వీధి లైటు. పిలిస్తే పలికే మనిషి లేడు. టిఫిన్ బండ్ల దారి చూస్తే హడావుడే: దోసెల పెనం మీద నీళ్లు చల్లిన చప్పుడు, లేడీస్ హాస్టల్ ముందు ఫోన్లలో మాట్లాడుకునే అమ్మాయిలు, సగం షట్టర్ దించిన మెడికల్ షాపు. బండి దగ్గర గిన్నెలు కడుగుతున్న అక్కని ఎన్నింటిదాకా ఉంటారని అడిగాను. "పదకొండున్నర, ఒక్కోసారి పన్నెండు. కొత్తగా దిగుతున్నారా?" అంది. ఆ వీధిలోనే ఇల్లు వెతకాలని అప్పుడే అనుకున్నాను. అమ్మకి ఆ గోల నచ్చలేదు, నిద్ర పట్టదంది.

అక్కడ చూసిన ఇళ్లన్నిటికీ గేటు మీద కెమెరా ఉంది. నేను ఒకటే అడిగేదాన్ని: నిన్న రాత్రి పదిన్నరది ఒకసారి వేసి చూపిస్తారా? ఒక ఓనర్‌కి కోపం వచ్చింది. ఇంకో చోట టీవీలో లైవ్ వస్తోంది, వెనక్కి వెళ్తే ఏమీ లేదు, హార్డ్ డిస్క్ ఎప్పుడు పోయిందో వాచ్‌మన్‌కే తెలియదు. చివరికి పాత బిల్డింగ్‌లో, రెండో అంతస్తులో, అనుకున్నదానికన్నా అద్దె పదిహేను వందలు ఎక్కువైన ఇంట్లో, ఓనర్ ఆంటీ కళ్లజోడు పెట్టుకుని తనే మౌస్ పట్టుకుని వెనక్కి తిప్పింది. బొమ్మ వచ్చింది, మొహాలు తెలుస్తున్నాయి. టైము మాత్రం రెండు గంటలు వెనక చూపిస్తోంది. "ఇది సరిచేయించండి ఆంటీ, అడ్వాన్స్ ఇచ్చేస్తాను" అన్నాను. "ఇన్నేళ్లలో దాని టైము చూసిన అద్దెవాళ్లు లేరమ్మా" అని, నా ముందే కెమెరాల అబ్బాయికి ఫోన్ చేసింది.